మఖాండా కళల జాతర: ఎక్కడ దిగాలి, ఏ టికెట్లు ముందు కొనాలి

దక్షిణాఫ్రికా ఈస్టర్న్ కేప్‌లో కొండల మధ్య ఉన్న చిన్న యూనివర్సిటీ ఊరు మఖాండా. ఏటా జూన్ మూడో వారంలోనో నాలుగో వారంలోనో మొదలుపెట్టి సుమారు 11 రోజులు ఆ దేశపు నాటకం, నాట్యం, జాజ్, చిత్రకళ, హాస్యం అన్నీ అక్కడికే చేరతాయి. దాని పేరు నేషనల్ ఆర్ట్స్ ఫెస్టివల్. 1974లో మొదలైంది, 2024తో 50 ఏళ్లు నిండాయి. ఊళ్లో అసలైన నాటకశాలలు కొన్నే. మిగతావన్నీ బడుల హాళ్లు, చర్చి హాళ్లు, యూనివర్సిటీ గదులు. పండగ రోజుల్లో వాటికి నల్లగుడ్డలు కట్టి, లైట్లు బిగించి వేదికలు చేస్తారు. ఒక ఆట చూసి ఇంకో ఆటకు పరిగెత్తాల్సింది ఈ హాళ్ల మధ్యనే. కాబట్టి ఏం చూడాలో తేల్చుకునే ముందు ఎక్కడ దిగాలో తేల్చుకోవాలి.

ముందు పేర్ల చిక్కు. 2018 దాకా ఈ ఊరు గ్రేహమ్స్‌టౌన్. 1812లో బ్రిటిష్ సైన్యం కట్టుకున్న స్థావరం అది. 1819లో దాని మీద దాడి నడిపిన మఖాండా అక్కడి ఖోసా జాతి ప్రవక్త, యోధుడు. ఆయన పేరు ఇప్పుడు ఊరికి పెట్టారు. బస వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకండి, పాత పేరుతోనే నమోదైన ఇళ్లు ఇంకా ఉన్నాయి. మఖాడో అనే ఊరు వేరే. అది ఉత్తరాన లింపోపోలో, వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. తొందరలో ఒకటి రెండు అక్షరాలు తప్పితే బస అక్కడ బుక్కవుతుంది. దగ్గరి విమానాశ్రయం ఉన్న పోర్ట్ ఎలిజబెత్ పేరు కూడా 2021లో గ్‌కెబెర్హాగా మారింది. టికెట్ మీద కోడ్ మాత్రం పాతదే, పి.ఎల్.జెడ్. ఖోసా భాషలో మనకు లాగే క వేరు, ఖ వేరు, అందుకని మఖాండా అనడం మనకు కష్టం కాదు. ఖోసా అన్న మాటలో మొదటి ధ్వని మాత్రం ఎడ్లను అదిలిస్తూ దవడ పక్క నుంచి చేసే చప్పుడు. గ్‌కెబెర్హాలో మొదటిది నాలుకను అంగిలికి కొట్టి టక్కుమనిపించేది. సరిగ్గా రాకపోయినా ఒకసారి ప్రయత్నించండి, అక్కడివాళ్లకు అది మర్యాదగా అనిపిస్తుంది.

భారత్ నుంచి జొహానెస్‌బర్గ్‌కు నేరుగా విమానం లేదు. దుబాయ్, దోహా, అడిస్ అబాబా, నైరోబీల్లో ఎక్కడో ఒకచోట మారాలి. ఇథియోపియా, కెన్యా ఎల్లో ఫీవర్ జాబితాలో ఉన్నాయి. అక్కడి విమానాశ్రయంలో 12 గంటలకు మించి ఆగితే దక్షిణాఫ్రికాలో దిగేటప్పుడు టీకా సర్టిఫికెట్ అడుగుతారు. ఆ టీకా దిగే రోజుకు కనీసం 10 రోజుల ముందు వేయించుకుని ఉండాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐ.పి.ఎం. (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. జొహానెస్‌బర్గ్‌లో ఇమిగ్రేషన్ అయ్యాక సామాను తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ దేశీయ విమానానికి అప్పగించాలి. రెండు విమానాల మధ్య మూడు గంటల కన్నా తక్కువ ఉంటే ఆ టికెట్ కొనకండి. అక్కడి నుంచి గ్‌కెబెర్హాకు గంటా నలభై నిమిషాలు.

గ్‌కెబెర్హా నుంచి ఎన్2 రహదారి మీద మఖాండా దాదాపు 130 కిలోమీటర్లు, గంటన్నర. కారు అద్దెకు తీసుకోవడమే మేలు. మనలాగే ఎడమవైపు నడుపుతారు, రోడ్డు బాగుంటుంది. చిక్కల్లా చీకటితోనే. పండగ రోజుల్లో సూర్యుడు సాయంత్రం 5 గంటల 20 నిమిషాలకల్లా అస్తమిస్తాడు. ఆ మసక వేళలోనే కుడూ అనే పెద్ద కొమ్ముల జింకలు రోడ్డు దాటుతాయి. కంచె ఉన్నా గెంతేస్తాయి, లైటు పడితే బెదిరి కారు ముందుకే దూకుతాయి. మనిషెత్తు జంతువు కావడంతో దెబ్బ నేరుగా అద్దానికి తగులుతుంది. మధ్యాహ్నం 2 గంటల లోపు గ్‌కెబెర్హాలో దిగే విమానం ఎంచుకుంటే ఈ బెడద ఉండదు. ఊళ్లో గాడిదలు, ఆవులు వీధుల్లోనే తిరుగుతాయి, గుంతలు కూడా లోతైనవే. కారు ఇన్సూరెన్సులో టైర్లు, అద్దాలు కలిశాయో లేదో చూసి సంతకం పెట్టండి. చాలా మామూలు పాలసీల్లో ఆ రెండూ ఉండవు.

బసల్లో మొదటి స్థానం రోడ్స్ యూనివర్సిటీ హాస్టళ్లకే ఇవ్వాలి. సెలవుల్లో విద్యార్థులు వెళ్లిపోతారు, ఆ గదులు పండగకు వచ్చేవాళ్లకు ఇస్తారు. ఒక మంచం, ఒక బల్ల, ఒక బీరువా, ఉమ్మడి స్నానాల గదులు, అంతే. సుఖం తక్కువే కానీ సగం వేదికలు నడక దూరంలో ఉంటాయి. రాత్రి 10 గంటల ఆట అయ్యాక క్యాంపస్‌లో నలుగురితో కలిసి నడిచి రావచ్చు. ఒంటరిగా వచ్చేవాళ్లకూ, ఇద్దరు స్నేహితులకూ ఇంతకన్నా మంచి బేరం లేదు. పెద్దవాళ్లతో వస్తే హై స్ట్రీట్ చుట్టుపక్కల పాత రాతి ఇళ్లలో నడిచే గెస్ట్‌హౌస్‌లు నయం. సొంత బాత్రూమ్, పొద్దున టిఫిన్ ఉంటాయి. జోజా, ఫింగో విలేజ్ అనే పేటల వైపు ఇళ్లలో హోమ్‌స్టేలు ఉన్నాయి. ఆతిథ్యంలో వాటికి సాటి లేదు, ఊరి అసలు జీవితం అక్కడే కనిపిస్తుంది. కాకపోతే కారో, ముందే మాట్లాడుకున్న క్యాబో తప్పనిసరి. సముద్రం పక్కన, 60 కిలోమీటర్ల లోపున్న పోర్ట్ ఆల్ఫ్రెడ్‌లో గదులు సులువుగా దొరుకుతాయని అక్కడ దిగేవాళ్లున్నారు. రాత్రి ఆటలన్నీ వదులుకోవడమో, కుడూల వేళలో ఆర్67 రహదారి మీద ప్రయాణమో తప్పదు. పండగ కోసమే వచ్చినవాళ్లకు అది సరైన బస కాదు.

గది బుక్ చేసే ముందు నీళ్ల గురించి అడగాలి. మఖాండాకు నీటి కొరత పాత సమస్య. 2019 కరువులో ఊరికి నీరిచ్చే సెట్లర్స్ డ్యామ్ ఎండిపోయినంత పనయింది. తూర్పున జేమ్స్ క్లైన్‌హాన్స్ శుద్ధి కేంద్రానికి ఆరెంజ్ నది నీళ్లు వస్తున్నా, పాత పైపులు పగలడం, పంపులు ఆగడం మామూలే. అందుకని కొన్ని వీధులకు రోజు విడిచి రోజు నీళ్లొస్తాయి, ఒక్కోసారి వరసగా రెండు మూడు రోజులు రావు. పెద్ద పచ్చటి ప్లాస్టిక్ ట్యాంకులను అక్కడ బ్రాండ్ పేరుతో జోజో అంటారు. ‘జోజో ఉందా?’ అని అడిగి ఊరుకోకండి. ట్యాంకు నుంచి కుళాయికి పంపు బిగించారా, కరెంటు పోతే ఆ పంపుకు ఇన్వర్టర్ ఉందా అని కూడా అడగండి. పంపు లేకపోతే నిండు ట్యాంకు పెరట్లో ఉన్నా బకెట్లతో మోసుకోవాల్సిందే. తాగడానికి 5 లీటర్ల సీసా కొనుక్కోండి, పళ్లు తోముకోవడానికీ ఆ నీళ్లే వాడండి. కరెంటు కోత 2023లో మరీ ఎక్కువగా ఉండేది. 2024 నుంచి చాలా తగ్గినా వీధి లోపాలతో పోతూనే ఉంటుంది. టార్చి, పవర్ బ్యాంకు చేతిలో ఉండాలి.

ప్లగ్గుల విషయంలో మనకు కలిసొస్తుంది. అక్కడి సాకెట్ మూడు లావు గుండ్రటి పిన్నులది, మన గీజర్‌కు వాడే పెద్ద ప్లగ్గు అందులో సరిపోతుంది. బయల్దేరే ముందు మన ఊళ్లోని ఎలక్ట్రికల్ షాపులో 16 ఆంప్స్ నుంచి 6 ఆంప్స్‌కు మార్చే అడాప్టర్ రెండు కొనుక్కుంటే చాలు. విమానాశ్రయంలో అమ్మే యూనివర్సల్ అడాప్టర్లలో చాలావాటికి ఈ పిన్నే ఉండదు.

చలి చాలామంది అనుకున్న దానికన్నా ఎక్కువ. పగలు 18 డిగ్రీలు, రాత్రి 5 డిగ్రీల దాకా దిగుతుంది. జనవరిలో లంబసింగి రాత్రి అనుకోండి. తేడా ఏమిటంటే మఖాండాలో ఇళ్లలోనూ, హాళ్లలోనూ హీటర్లు అరుదు. చర్చి హాలు రాతి నేల మీద గంటసేపు కూర్చుంటే చలి పాదాల నుంచి ఎక్కుతుంది. ఉన్ని సాక్సులు రెండు జతలు, గాలి చొరబడని పై కోటు, వేడినీళ్ల సంచి ఉంటే చాలు, లావు స్వెటర్లు మోయక్కర్లేదు.

ఇక కార్యక్రమం. ఇందులో రెండు పాయలుంటాయి. మెయిన్ ప్రోగ్రామ్ నిర్వాహకులు ఎంచి పిలిచినది. స్టాండర్డ్ బ్యాంక్ యంగ్ ఆర్టిస్ట్ అవార్డు పొందినవాళ్ల కొత్త పనులు ఇందులో ఉంటాయి. 1987లో చిత్రకారుడు విలియమ్ కెంట్రిడ్జ్, 2008లో నాట్యానికి దాదా మసీలో ఆ అవార్డు అందుకున్నవాళ్లే. ఫ్రింజ్ ఎవరైనా వచ్చి ఆడుకోగల పాయ. హాలు అద్దె, రవాణా, పోస్టర్లు అన్నీ కళాకారులే భరిస్తారు. పది టికెట్లు అమ్ముడైతే ఆ రోజు వాళ్ల భోజనం గడిచినట్టు. ఫ్రింజ్ టికెట్ ధర తక్కువ, ఆట కూడా సాధారణంగా 50, 60 నిమిషాలే. నచ్చకపోయినా పోయేది గంటే, నచ్చితే ఆ గంట ఏళ్ల తరబడి గుర్తుంటుంది. రోజుకొక్క ఫ్రింజ్ ఆటైనా పేరూ ఊరూ తెలియని బృందానిది చూడండి.

టికెట్లు కొనడానికి ఒక వరస ఉంది. మెయిన్ ఆటలు రెండు మూడు ప్రదర్శనలే ఉంటాయి, ముందు అవి కొనాలి. తర్వాత జాజ్ రాత్రులు. ఆ రెండూ కుదిరాక, అవి ఉన్న వేదికల పక్కనే ఏ ఫ్రింజ్ ఆటలున్నాయో చూసి ఖాళీలు నింపాలి. మూడో వంతు సమయం ఖాళీగా ఉంచుకోండి. పండగ మొదలైన మూడో రోజుకల్లా క్యూలలో నిలబడ్డవాళ్లే ఏది బాగుందో చెబుతారు, పోస్టర్ల మీద మంచి ఫ్రింజ్ ఆటలకిచ్చే ఓవేషన్ అవార్డు గుర్తులు కూడా పడతాయి. ఆట మొదలయ్యాక తలుపు తీయరు, టికెట్ డబ్బు తిరిగి రాదు. ఒకే భవనంలో రెండు ఆటల మధ్య అరగంట, వేరే వేదిక అయితే గంట పెట్టుకోవాలి. ఈ లెక్కన రోజుకు నాలుగు ఆటలు హాయిగా కుదురుతాయి. అయిదు పెట్టుకుంటే భోజనం పోతుంది. పేరు పక్కనున్న అక్షరాలు గమనించండి: ఎల్ అంటే బూతుమాటలు, వి హింస, ఎన్ నగ్నత్వం, ఎస్ శృంగారం. పిల్లలతో వచ్చినవాళ్లకు అవి ముఖ్యం.

అన్నిటికీ కేంద్రం గన్‌ఫైర్ హిల్ మీదున్న 1820 సెట్లర్స్ నేషనల్ మాన్యుమెంట్, 1820లో వచ్చి స్థిరపడ్డ బ్రిటిష్‌వాళ్ల స్మారక భవనం. 1994లో తగలబడితే తిరిగి కట్టారు, 1996లో నెల్సన్ మండేలా వచ్చి దాన్ని మళ్లీ జాతికి అంకితం చేశారు. పెద్ద ఆటలు చాలావరకు అందులోని గై బట్లర్ థియేటర్‌లోనే. హై స్ట్రీట్ నుంచి ఎక్కుడు దారి, నడిస్తే అరగంట. పగలు బొటానికల్ గార్డెన్ మీదుగా నడక బాగుంటుంది, చీకటి పడ్డాక ఆ దారి వద్దు. సాయంత్రం 5 ప్రాంతంలో ఫౌంటెన్ ఫోయర్‌లో రకరకాల ఆటల ముక్కలు ఉచితంగా చూపిస్తారు. మర్నాటికి టికెట్ ఏది కొనాలో తేలడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. జాజ్‌కు ఏళ్లుగా పేరున్న చోటు డి.ఎస్.జి. బాలికల బడి హాలు. దేశమంతటి నుంచి వచ్చిన సంగీత విద్యార్థులు అక్కడ పేరున్న వాద్యగాళ్ల పక్కన కూర్చుని నేర్చుకుంటారు. రాత్రి కచేరీలకు టికెట్ దొరక్కపోతే పగటిపూట ఆ పిల్లల బృందాలు వినండి, ఏమీ తక్కువ కాదు.

ఒక పూట తప్పకుండా ఇంటర్నేషనల్ లైబ్రరీ ఆఫ్ ఆఫ్రికన్ మ్యూజిక్‌కు కేటాయించాలి. 1954లో హ్యూ ట్రేసీ స్థాపించింది, 1978 నుంచి రోడ్స్ యూనివర్సిటీలో ఉంది. వేదిక మీద వినే సంగీతం వేళ్లు ఎక్కడున్నాయో ఇక్కడ తెలుస్తుంది. ఉహాది అనేది విల్లుకు సొరకాయ బుర్ర కట్టిన వాద్యం. తీగను పుల్లతో కొడుతూ బుర్రను రొమ్ముకు దగ్గరగా, దూరంగా జరిపితే ధ్వని మారుతుంది. ఒంటి తీగతో పాట కట్టే మన ఏక్‌తారా విన్న చెవికి ఇది పరాయిగా అనిపించదు. 2022లో కన్నుమూసిన ఖోసా కళాకారిణి మదోసిని ఈ వాద్యానికి ప్రపంచమంతా పేరు తెచ్చింది.

శాకాహారులకు తిండి దొరుకుతుంది, కానీ అడిగి తినాలి. పాప్ అంటే మొక్కజొన్న సంకటి. చకలాక అంటే టమాటా, క్యాప్సికం, క్యారెట్ వేసి కారంగా చేసే కూర, తరచూ చిక్కుళ్లు కూడా వేస్తారు. ఈ రెండూ కలిపితే మనకు సరిపోతాయి. ఉమ్ంగ్‌ఖుషో దంచిన మొక్కజొన్న, చిక్కుడు గింజలు గంటల తరబడి ఉడికించిన వంటకం. కొందరు ఎముకల రసంలో వండుతారు, అది రంగులో తెలియదు. అమగ్విన్యా మన బోండాల్లా నూనెలో వేయించినవి. లోపల కీమా పెట్టకుండా ఇవ్వమనండి. ఆటల మధ్య తినడానికి పెప్పర్‌గ్రోవ్ మాల్‌లోని పిక్ ఎన్ పే సూపర్‌మార్కెట్‌లో బ్రెడ్, పెరుగు, పళ్లు కొని సంచిలో ఉంచుకుంటే ఏ క్యూలోనూ నిలబడక్కర్లేదు.

కొనుగోళ్లలో డబ్బు పెట్టదగింది ష్వేష్వే గుడ్డ. నీలి రంగు నూలు మీద చిన్న చిన్న తెల్లటి గళ్లు, చుక్కలు. ఈస్టర్న్ కేప్‌లోనే జ్వెలిత్షాలోని డ గామా మిల్లువారి త్రీ క్యాట్స్ రకం అసలైనది. కొత్తది గంజితో అట్టలా బిరుసుగా, ఒక ప్రత్యేకమైన వాసనతో ఉంటుంది, ఉతికితే మెత్తబడుతుంది. వెనకవైపు మూడు పిల్లుల ముద్ర చూడాలి. ముద్ర లేకుండా మొదటే మెత్తగా ఉంటే అది నకలు. పన్నా 90 సెంటీమీటర్లే కాబట్టి మన కొలతల కన్నా పావు వంతు ఎక్కువ కొనాలి. కుట్టించే ముందు ఒకసారి తడిపి ఆరేయాలి, లేకపోతే జాకెట్టు మొదటి ఉతుకుకే బిగుసుకుపోతుంది. పూసల నగలు కొనేటప్పుడు దారం లాగి చూడండి. నైలాన్ మీద గుచ్చినవి మన్నుతాయి. మామూలు నూలుదారం అయితే సామాను సర్దేలోపే పూసలు రాలతాయి. చివరి ఆదివారం మధ్యాహ్నానికల్లా దుకాణాలు సర్దేస్తారు, బేరాలు శనివారమే ముగించుకోండి.