పొట్టలో నీరు తీసే డే కేర్ వార్డు: ఐదు నెలల అనుభవం, 5కి 4

నాన్నకి పొట్టలో నీరు చేరుతోంది. జలోదరం అంటాం కదా, డాక్టర్లు అసైటిస్ అంటారు. ఐదు నెలలుగా ఒక ఆసుపత్రి లివర్ విభాగంలోని డే కేర్ వార్డుకి తీసుకెళ్తున్నాం. ఆసుపత్రి పేరు రాయడం లేదు. అక్కడ ఏమేం చేశారో చదివితే మీరు చూపించుకునే చోట ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

ముందు వేరే చోట చూపించాం. అప్పటికి పొట్ట బిగిసిపోయి, బొడ్డు బయటికి పొడుచుకొచ్చి, పడుకుంటే ఊపిరాడక నాన్న రాత్రంతా కుర్చీలోనే కూర్చునేవారు. అక్కడ సూది గుచ్చి 6 లీటర్లు తీసి సాయంత్రానికి ఇంటికి పంపేశారు. ఆ నీటిలో ఒక్క చుక్క కూడా ల్యాబ్‌కి వెళ్లలేదు, ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ప్రోటీన్) ఎక్కించలేదు. నాన్న తేలిగ్గా నడుస్తుంటే మేమూ సంబరపడ్డాం. మూడో రోజుకి లేచి నిలబడితే కళ్లు తిరగడం, యూరిన్ తగ్గిపోవడం, పరీక్ష చేయిస్తే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగి ఉండటం, వారం తిరిగేసరికి పొట్ట మళ్లీ నిండిపోవడం. నీరు ఎందుకు చేరుతోందో ఒక్కరూ చెప్పలేదు. "తాగుతారా?" అని మాత్రం ముగ్గురు అడిగారు. నాన్న జీవితంలో మందు ముట్టలేదు. షుగరు, దాంతోపాటు ఏళ్ల తరబడి ఫ్యాటీ లివర్, అదే సిర్రోసిస్‌గా, అంటే లివర్ గట్టిపడి మచ్చలు కట్టే జబ్బుగా మారింది.

ఇప్పుడు వెళ్లే వార్డులో మొదటి రోజే తేడా తెలిసింది. అల్ట్రాసౌండ్‌లో చూసి, పొట్ట కింద ఎడమవైపు పెన్నుతో గుర్తు పెట్టి, మత్తు సూది ఇచ్చాక చర్మాన్ని కాస్త పక్కకి లాగి పట్టుకుని సూది దించారు. అలా చేస్తే తీశాక ఆ రంధ్రంలోంచి నీరు కారదని నర్సమ్మ చెప్పారు, నిజంగానే దుప్పటి తడవలేదు. లేత పసుపు రంగు నీరు. సీసాలోకి వదిలే ముందే కొంత సిరంజిలోకి తీసి ల్యాబ్‌కి పంపారు.

ఆ పరీక్షలు ఎందుకో డాక్టరుగారు కాగితం మీద రాసి చూపించారు. ఆ నీటిలో న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు ఒక మైక్రోలీటరుకి 250 దాటితే లోపల ఇన్ఫెక్షన్ ఉన్నట్టు, ఏ క్రిమో తేల్చే కల్చర్ రిపోర్టు కోసం ఆగకుండా యాంటీబయాటిక్ మొదలుపెడతారు. రెండోది, అదే రోజు రక్తంలో ఉన్న ఆల్బుమిన్‌లోంచి నీటిలో ఉన్న ఆల్బుమిన్ తీసేసి చూడటం. నాన్నకి 2.6లోంచి 0.8 పోతే 1.8. తేడా 1.1 లేదా అంతకంటే ఎక్కువుంటే లివర్‌కి వెళ్లే సిరలో ఒత్తిడి పెరగడం వల్ల వచ్చిన నీరు. అంతకంటే తక్కువైతే పొట్ట పొరకి పట్టిన టీబీ, క్యాన్సర్, పాంక్రియాస్ జబ్బు, కిడ్నీల్లోంచి ప్రోటీన్ పోవడం, ఇలాంటివి వెతకాలి. గుండె బలహీనమైనా తేడా ఎక్కువే వస్తుందని గుండె స్కాన్ ఎకో కూడా చేయించారు. ఎక్కువమందిలో కారణం లివరే, కానీ టీబీ వల్ల నీరు చేరినవాళ్లకి లివర్ మందులు వాడుతూ కూర్చుంటే ఏమవుతుంది? అందుకే మొదటి చోటు మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

ఆ రోజు 7 లీటర్లు తీశారు. 5 లీటర్లు దాటితే తీసిన ప్రతి లీటరుకీ 6 నుంచి 8 గ్రాముల ఆల్బుమిన్ ఎక్కించాలట, నాన్నకి 50 గ్రాములు ఎక్కించారు. ఈసారి కళ్లు తిరగలేదు, క్రియాటినిన్ పెరగలేదు.

అన్నిటికంటే మమ్మల్ని కదిలించింది నీళ్ల సంగతి. పొట్టలో నీరుంది కదా అని ఇంట్లో గ్లాసులు లెక్కపెట్టి ఇచ్చేవాళ్లం, నాన్న పెదాలు తడుపుకుంటూ గడిపేవారు. అసలు సమస్య ఉప్పట. ఈ జబ్బులో కిడ్నీలు ఉప్పుని బయటికి పోనివ్వవు, ఉప్పు వెంట నీరు ఉండిపోతుంది. రక్తంలో సోడియం 125 కంటే కిందికి పడిపోతేనే సాధారణంగా నీళ్లు తగ్గిస్తారట. డైటీషియన్ కాగితం మీద ఉప్పు పోసి, రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే చిన్న చెంచాడు, బయట కొన్న తిండిలో ఉన్నదీ ఇందులోనే అని చూపించారు. సోడియం తక్కువ అని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది, నీరు యూరిన్‌లో పోయేలా చేసే స్పైరనోలాక్టోన్ మాత్ర పొటాషియంని ఒంట్లోనే నిలిపేస్తుంది, అది వాడేవాళ్లకి ఆ ఉప్పు ప్రమాదం. ఒళ్లు నొప్పులకి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి అసలు వద్దన్నారు.

పొద్దున్నే స్పైరనోలాక్టోన్ 100 మి.గ్రా., అలాంటిదే ఇంకో మాత్ర ఫ్యూరోసెమైడ్ 40 మి.గ్రా., రోజూ బరువు చూసి పుస్తకంలో రాయడం. కాళ్ల వాపు లేదు కాబట్టి రోజుకి అరకిలో కంటే ఎక్కువ తగ్గకూడదన్నారు. రెండు నెలలకి నాన్నకి రొమ్ముల్లో వాపు, నొప్పి వచ్చాయి, సిగ్గుతో మాకు చెప్పలేదు. డాక్టరుగారే అడిగి తెలుసుకుని, అది స్పైరనోలాక్టోన్ వల్లేనని మందు మార్చారు. ఈ ఒక్కదానికే వాళ్లకి చేతులెత్తి దండం పెట్టాలి.

ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, బెడ్ కోసం మూడు నాలుగు గంటలు కూర్చోబెడతారు, బిగిసిన పొట్టతో అంతసేపు కూర్చోవడం నరకం. ఒకసారి డిశ్చార్జ్ సమ్మరీలో కణాల లెక్క రాయడమే మరిచిపోయారు. జ్వరం, కడుపునొప్పి, మాట తడబడటం, వీటిలో ఏది వచ్చినా ఫోన్ చేయమన్న నంబరు రాత్రి రెండింటికి ఎవరూ ఎత్తలేదు. ఇక ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లిపోయాం, మీరూ అలాగే వెళ్లిపోండి.

ఇప్పుడు ఆరు వారాలకోసారి తీయిస్తే సరిపోతోంది. మందులకి లొంగకపోతే లివర్ లోపల సిరల మధ్య గొట్టం పెట్టి ఒత్తిడి తగ్గించే టిప్స్ అనే స్టెంట్ దారి ఉందనీ, అది అందరికీ సరిపడదనీ, లివర్ మార్పిడి గురించి ఇప్పుడే ఆలోచించమనీ డాక్టరుగారు దాచకుండా చెప్పారు. వచ్చే వారం ఆ టీమ్‌తో మొదటి అపాయింట్‌మెంట్ ఉంది, వెళ్లొచ్చాక అదీ రాస్తాను.