వాడిన కంప్యూటరు కొనేవారికి హెచ్చరిక: టైపు చేసేది ఏ విండోలో పడుతోందో చూసుకోండి

పర్లాకిమిడి, పాతపట్నం ప్రాంతాల్లో డీటీపీ, ఆన్‌లైన్ దరఖాస్తుల పని మీద బతుకుతున్న తోటివారి కోసం ఇది రాస్తున్నాను. బరంపురంలోని ఒక దుకాణంలో 14,500 రూపాయలకు నేను కొన్న వాడిన డెస్క్‌టాప్‌లో విండోస్‌కు బదులు లినక్స్, దాని మీద ఎక్స్‌ఎఫ్‌సీఈ (తెర మీద విండోలు, మెనూలు చూపే డెస్క్‌టాప్) వేసి ఇచ్చారు. నేను అడగకపోయినా తమ సర్వీసు ప్రోగ్రాము ఒకటి అందులో పెట్టారు.

ఒడిశా ప్రభుత్వమిచ్చే మధుబాబు పింఛను దరఖాస్తు కోసం ఒక ముసలమ్మ వచ్చింది. పాస్‌బుక్కు మీదే చూపు నిలిపి ఖాతా నంబరు కొడుతుండగా, ఆ ప్రోగ్రాము విండో దానంతటది పైకి వచ్చి మిగిలిన అంకెలను తన గడిలోకి లాక్కుంది. అలవాటుగా నొక్కిన ఎంటర్‌తో అందులోని 'అంగీకరిస్తున్నాను' బటన్ నొక్కుకుపోయింది. “పడిందా బాబూ?” అని ఆమె అడిగితే తలెత్తి చూశాను. ఫారంలో ఏడు అంకెలే ఉన్నాయి. మర్నాడు ఏడాది సర్వీసుకు 1,800 రూపాయలు కట్టమని బిల్లు వచ్చింది. బిల్లు కంటే, ఆ సగం నంబరుతో దరఖాస్తు వెళ్లిపోయి ఉంటే ఆమె పింఛను ఏమయ్యేదన్న ఆలోచనే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

దుకాణంవారిని అడిగితే లినక్స్ అంతేనన్నారు. అది నిజం కాదు. మనం కొట్టే అక్షరం ఏ విండోకు చేరాలో తేల్చేది విండో మేనేజరు, అంటే తెర మీది విండోలను నడిపే ప్రోగ్రాము. కొత్త విండో తెరుచుకున్నప్పుడు, దాన్ని తెరవడానికి కారణమైన మన చర్య ఎప్పటిదో, ప్రస్తుత విండోలో మనం చివరిసారి కీ నొక్కింది ఎప్పుడో పోల్చి చూసి, మనం ఆ తరువాత కూడా పాత విండోలోనే పని చేస్తుంటే కొత్తదానికి ఫోకస్ (మన టైపింగు అందుకునే వంతు) ఇవ్వకుండా ఆపగల ఏర్పాటు ఉంది. ఎక్స్‌ఎఫ్‌సీఈలో అది 'విండో మేనేజర్ ట్వీక్స్'లోని ఫోకస్ పేజీలో ఒక టిక్కు మాత్రమే; నా యంత్రంలో ఆ టిక్కు పెట్టి లేదు. లినక్స్‌కే ఉన్న మరో డెస్క్‌టాప్ కేడీఈలో దీనికి స్థాయిలే ఉన్నాయి. విండోస్‌లోనూ 98, 2000 వెర్షన్ల నుంచి, వెనకనున్న ప్రోగ్రాము ఇష్టం వచ్చినట్టు ముందుకు రాకుండా నిబంధనలు పెట్టి, దానికి బదులు టాస్క్‌బార్‌లో బటన్ మెరిసేలా చేశారు.

అయితే టిక్కు పెట్టినంత మాత్రాన నిశ్చింతగా ఉండలేము. లినక్స్‌లో విండోలు చూపే 'ఎక్స్' పద్ధతిలో ఒక విండోను ముందుకు తెమ్మని అడిగే ప్రోగ్రాము, ఆ కోరిక తనదా, వాడుకరి నేరుగా చేసిన పని వల్ల వచ్చిందా అని చెప్పాల్సి ఉంటుంది. అబద్ధం చెప్పే ప్రోగ్రామును విండో మేనేజరు నమ్మే అవకాశం ఉంది. అందుకే నేను టిక్కు పెట్టడంతో ఆగకుండా ఆ ప్రోగ్రామునే తీసేశాను.

మీరు కొనేటప్పుడు డబ్బు చేతిలో పెట్టకముందే, దుకాణంలోనే కూర్చుని మౌస్‌ప్యాడ్ లాంటి ఎడిటర్ తెరిచి, తెర చూడకుండా పది నిమిషాలు తెలుగు, ఒడియా రెండూ మార్చి మార్చి టైపు చేసి, తరువాత అక్షరాలన్నీ అక్కడే ఉన్నాయో లేదో సరిచూడండి. అడగని ప్రోగ్రాములన్నీ మీ కళ్లెదుటే తీయించండి. నా 1,800 రూపాయల బిల్లు ఇంకా రద్దు చేయలేదు; ఆ అంగీకారం నాది కాదని రాతపూర్వకంగా ఇచ్చి, డబ్బు కట్టకుండా ఉన్నాను.