హంపీలో గైడుతో నాలుగుసార్లు, గైడు లేకుండా అయిదుసార్లు

2010 నుంచి 2023 దాకా నేను హంపీకి తొమ్మిదిసార్లు వెళ్ళాను. వాటిలో నాలుగుసార్లు గైడును పెట్టుకున్నాను, అయిదుసార్లు పెట్టుకోలేదు. మాది అనంతపురం కావడం వల్ల పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నంలోపే విరూపాక్షుడి గోపురం కనిపిస్తుంది. అందుకే బంధువుల్లో ఎవరు హంపీ ప్రయాణం పెట్టుకున్నా నన్నే అడుగుతారు. ఎలా వెళ్ళాలో, ఎక్కడ దిగాలో, టిక్కెట్టు ఎంతో అందరికీ తెలిసిందే గనుక ఆ సంగతులు రాయను. గైడును పెట్టుకోవాలా వద్దా అన్న ప్రశ్నకు మాత్రమే, నాకు జరిగినదాన్ని బట్టి జవాబు రాస్తున్నాను.

గైడులో నేను వెతికేది ఒకే ఒక గుణం. చెప్పవలసింది చెప్పాక, మనకూ రాతికీ మధ్యనుంచి ఆయన పక్కకు తప్పుకోగలగాలి. ఈ గుణం ఉన్న మనిషి నాకు 2012లో, మా అమ్మను తీసుకువెళ్ళినప్పుడు దొరికాడు. ఆ రోజు జరిగినది ఈ పదమూడేళ్ళలో నాకు హంపీ ఇచ్చిన అన్నిటికంటే పెద్ద సంతోషం కాబట్టి, దాన్ని కొంచెం వివరంగానే చెప్పాలి.

అంతకు రెండేళ్ళ ముందు నేనూ మావారూ గైడు లేకుండా వెళ్ళినప్పుడు హజార రామాలయాన్ని పది నిమిషాల్లో చూసి బయటికి వచ్చేశాం. ప్రాకారం మీద ఏనుగులు, గుర్రాలు, సైనికులు, నాట్యం చేసే ఆడవాళ్ళు వరుసలు కట్టి నడుస్తుంటే ఫోటోలు తీసుకున్నాం; లోపల గర్భగుడి గోడల మీద రామాయణం ఉందని తెలుసు గనుక, ధనుస్సు కనబడిన చోటల్లా రాముడు అనుకుని సాగిపోయాం. ఆ బొమ్మలకు ఒక క్రమం ఉందన్న ఆలోచనే మాకు రాలేదు.

2012లో మాకు దొరికిన గైడు అరవై ఏళ్ళు దాటిన పెద్దమనిషి. హంపీ పక్కనే ఉన్న కమలాపురం వాసి, తల్లి పుట్టిల్లు రాయదుర్గం వైపు కావడంతో మాలాగే తెలుగు మాట్లాడేవారు. గుడి ముందుకు రాగానే ఆయన చరిత్ర మొదలుపెట్టలేదు. గోడ దగ్గర ఒక మూలకు తీసుకువెళ్ళి, "ఇక్కణ్ణుంచి ప్రదక్షిణగా నడవండమ్మా. బొమ్మలు మూడు వరుసలున్నాయి. ఒక వరుస ఒక చుట్టు. మూడు చుట్లు తిరిగితే గానీ కథ పూర్తికాదు" అన్నారు. పదిహేనో శతాబ్దం మొదట్లో మొదటి దేవరాయలు కట్టించిన ఈ గుడి రాజకుటుంబం సొంతంగా కొలుచుకున్న గుడి అని, ఆ గోడలను చదువుతూ తిరగడమే ఒక పూజ అని మరో రెండు మాటలు చెప్పి, తర్వాత మా వెనకగా నడవడం మొదలుపెట్టారు.

మా అమ్మ ఐదో తరగతి దాకానే చదువుకుంది. ఆమె పుట్టిన ఊరు ధర్మవరం దగ్గర. తోలుబొమ్మలాటకు పేరుబడిన నిమ్మలకుంట అక్కడికి ఎంతో దూరం లేదు. చిన్నప్పుడు రాత్రుళ్ళు తెల్లవార్లూ కూర్చుని చూసిన రామాయణమే ఆమెకు తెలిసిన రామాయణం. మొదటి చుట్టులో నాలుగు బొమ్మలు దాటామో లేదో, ఆమె గోడ మీద వేలు పెట్టకుండా గాలిలోనే చూపిస్తూ, "ఇదో, దశరథుడు యజ్ఞం చేస్తున్నాడు. పాయసం పంచేది ఈ పక్కది" అంది. నేను గైడు ముఖం వైపు చూశాను. ఆయన తల ఊపి ఊరుకున్నారు. శ్రవణకుమారుణ్ణి ఆమె నాకంటే ముందే గుర్తుపట్టింది. తాటకిని చూడగానే, "ఆటలో ఇది వచ్చేటప్పుడు పిల్లోల్లమంతా కండ్లు మూసుకుంటాంటిమి" అని చెప్పింది. ఏడు చెట్లను ఒక్క బాణంతో కొట్టే చోట ఆమె చాలాసేపు ఆగింది. ఆ చెట్లు ఒక పాము వీపు మీద మొలిచాయని, లక్ష్మణస్వామి కాలితో పామును అదిమితే అది తిన్నగా సాగి చెట్లన్నీ ఒకే వరుసలోకి వచ్చాయని, తాను బొమ్మలాటలో విన్న కథ మొత్తం చెప్పింది. గైడు అప్పుడు నోరు విప్పి, "ఈ కథ నాకు తెలియదమ్మా, ఇంకోసారి చెప్పండి" అని అడిగి, మళ్ళీ చెప్పించుకుని విన్నారు.

ముప్ఫై ఏళ్ళుగా అదే గోడ చుట్టూ తిరుగుతున్న మనిషి, మొదటిసారి వచ్చిన ఒక ముసలావిడను అలా అడగడం నన్ను కదిలించింది. మా అమ్మ నలుగురిలో గొంతు విప్పడం నేనెప్పుడూ చూడలేదు. బడిలో తెలుగు చెప్పే నేను ఆ రోజు ఆమె వెనక నడుస్తూ, తోలుబొమ్మ లాగే పక్కకు తిరిగి నిలబడిన ఆ రాతి మనుషులను ఆమె కళ్ళతో చూశాను. ఆయన గనుక ప్రతి బొమ్మ దగ్గరా తనే వివరించి ఉంటే, ఆమె చెంగు సర్దుకుంటూ "అట్లనా నాయనా" అని వింటూ నడిచేది, నాకు ఇవేవీ తెలిసేవి కావు.

రెండు చుట్లు పూర్తయ్యేసరికి అమ్మ మోకాళ్ళు మొరాయించాయి. ఆమెను నీడలో మెట్టు మీద కూర్చోబెట్టి, "మూడో చుట్టు మీరు తిరిగి, కనిపించింది అమ్మకు గట్టిగా చెప్పండి" అని గైడు నాతో అన్నారు. నేను తిరుగుతూ చెబుతుంటే కూర్చున్న చోటునుంచే ఆమె నన్ను సరిదిద్దింది. ఎవరో ఎత్తుగా కూర్చున్నారని నేనంటే, "ఎత్తు పీట కాదది, సరిగ్గా సూడు, ఆంజనేయస్వామి తోక సుట్టుకోని రావణునికి ఎదురుగా కూసున్నాడు" అంది. నిజంగానే అది తోక. చివరికి లవకుశుల కథ ఈ గోడల మీద కాక పక్కనున్న చిన్న గుడి మీద ఉందని చూపించి, ఆయన మమ్మల్ని బయటికి తీసుకువచ్చారు. ఆ రోజు నేనిచ్చిన పన్నెండు వందల రూపాయలు ఆ గంటన్నరకే చెల్లిపోయాయని ఇప్పటికీ అనుకుంటాను.

అయితే ఆ గంటన్నర మరో చోటునుంచి తీసినదేనని సాయంత్రానికి తెలిసింది. ఏనుగుల సాలను రోడ్డు మీదనుంచే చూపించారు. విఠలాలయం దగ్గర బ్యాటరీ బండ్ల వరుసలో నిలబడి లోపలికి చేరేసరికి మూసే వేళయింది. రాతి రథం చుట్టూ ఒక్కసారి తిరిగే సమయం కూడా దొరకలేదు. అది గరుత్మంతుడి గుడి అని కూడా మా అమ్మకు చెప్పే తీరిక ఎవరికీ లేకపోయింది. రోజు మొదట్లోనే ఏది ముందు, ఏది తర్వాత అని అడిగి ఉండవలసింది. ఆ తప్పులో సగం నాదే.

ఇంకొక మాట కూడా చెప్పాలి. గుడి పేరుకు అర్థం అడిగితే ఆయనా అందరిలాగే హజార్ అంటే వెయ్యి, వెయ్యి రామబొమ్మలున్న గుడి అన్నారు. ఆ తర్వాత కొన్నేళ్ళకు మరో పనిమీద నిఘంటువు తిరగేస్తుంటే హజారము అన్న మాట కంటబడింది. రాజనగరు, అంటే రాజభవనం, ముందుండే చావడి అని దానికి అర్థం. ఆ గుడి సరిగ్గా రాచనగరు వాకిట్లోనే ఉంది, పేరు ఆ మాటనుంచే వచ్చిందని చెప్పేవారూ ఉన్నారు. నాకు ఈ అర్థమే కుదిరినట్టుగా తోస్తుంది. ఆయన మీద గౌరవం దీనివల్ల తగ్గలేదు గానీ, గైడు చెప్పిన ప్రతి మాటనూ అప్పటినుంచి ఇంటికి తెచ్చుకుని ఒకసారి సరిచూసుకుంటున్నాను.

2018లో మా తమ్ముడి కుటుంబంతో వెళ్ళినప్పుడు వసతిగృహంవాళ్ళే ఒక కుర్రవాణ్ణి గైడుగా పంపారు. చురుకైనవాడు, మర్యాదస్థుడు, రోజంతా ఒక్క చోటు కూడా తప్పిపోకుండా చూపించాడు. పోయినసారి మాకు అందని విఠలాలయంలో ఈసారి గంటసేపు ఉన్నాం. కానీ ఎక్కడ నిలబడినా అక్కడ ఏ సినిమా పాట తీశారో చెప్పేవాడు, ఫోటో ఏ కోణంలో బాగుంటుందో చెప్పేవాడు, అది కాగానే కదిలేవాడు. హజార రామాలయంలో మా తమ్ముడి కూతురు, "అత్తా, తోక మీద కూర్చున్న హనుమంతుడు ఎక్కడ?" అని అడిగితే, "అటువైపు ఉంటాడు పాపా, తర్వాత చూద్దాం" అని బయటికి నడిపించాడు. తర్వాత చూడనేలేదు. ఆ పాప నాయనమ్మ దగ్గర ఆ కథ విని, దానికోసమే వచ్చింది. నేను అక్కడే ఆగి, పిల్లను వెంటబెట్టుకుని వెనక్కి వెళ్ళవలసింది. అందరూ బయటికి వెళ్ళిపోతున్నారని నేనూ వెళ్ళాను. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

ఆ మరుసటి ఏడాది ఒంటరిగా వెళ్ళింది బహుశా ఆ బాధతోనే. ఎవరి గడియారానికీ జవాబు చెప్పనక్కరలేని ఆ రోజు ఉదయమంతా బాలకృష్ణుడి గుడిలో గడిపాను. గైడులు సాధారణంగా ఇక్కడ ఎక్కువసేపు నిలవరు, ఎందుకంటే లోపల విగ్రహం లేదు. కృష్ణదేవరాయలు నెల్లూరు సీమలోని ఉదయగిరిని గెలిచి, అక్కడినుంచి తెచ్చిన బాలకృష్ణుణ్ణి 1515లో ఇక్కడ ప్రతిష్ఠించాడు. ఆ మూర్తి ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ముందున్న శాసనపు రాయి దగ్గర కూర్చుని, కన్నడ లిపి మన లిపికి దగ్గరే గనుక, కూడబలుక్కునే ప్రయత్నం చేశాను. చాలా అక్షరాలు లొంగలేదు. 'కృష్ణ' అన్న మాట దొరికినప్పుడు మాత్రం, మన తెలుగు నేలనుంచి ఇంత దూరం వచ్చిన దేవుడి పేరును నేనే వెతికి పట్టుకున్నట్టుగా అనిపించింది. గైడు ఉండి ఉంటే అర నిమిషంలో చూపించేవాడు, అరగంటలో మరిచిపోయేదాన్ని.

ఒంటరిగా తిరగడాన్ని ఇంతగా మెచ్చుకున్నాను గనుక దాని లోటూ రాయాలి. రాజప్రాంగణంలోని మెట్ల పుష్కరిణి పక్కనుంచి నేను అయిదుసార్లు గైడు లేకుండా నడిచాను. 1980ల తవ్వకాల్లో బయటపడ్డదని తెలుసు, అందంగా ఉందని తెలుసు, అంతే. 2022లో మా బడి పిల్లలతో వెళ్ళినప్పుడు పెట్టుకున్న గైడు, ఆ నల్లరాళ్ళ మీద చిన్న చిన్న అక్షరాలు చెక్కి ఉన్నాయని, ప్రతి రాయీ ఏ దిక్కున, ఏ వరుసలో ఉండాలో వాటివల్ల తెలుస్తుందని చెప్పినప్పుడు నేను నిజంగా సిగ్గుపడ్డాను. ఎక్కడో చెక్కి, గుర్తులు పెట్టి, తెచ్చి పేర్చిన కోనేరు అది. పిల్లలు అంచున వంగి అక్షరాలు వెతుకుతూ ఇరవై నిమిషాలు కదలలేదు, ఆయనా వాళ్ళను కదలమనలేదు. ఈయన కూడా ఆ మొదటి పెద్దాయన కోవకు చెందినవారే.

కాబట్టి నా అభిప్రాయం ఇదీ అని చెప్పినా, అది నా పరిస్థితులకు కట్టుబడినదే. నేను మూడు గంటల ప్రయాణంలో ఉన్నాను, మళ్ళీ వెళ్ళగలను, కన్నడ అక్షరాలు కొంత చదవగలను. విజయవాడనుంచో విశాఖనుంచో జీవితంలో ఒక్కసారి వచ్చేవారు, అమెరికానుంచి పిల్లలతో రెండు రోజులకు వచ్చేవారు గైడు లేకుండా తిరగాలని నేను చెప్పలేను. నన్ను అడిగితే రాజప్రాంగణానికి, హజార రామాలయానికి ఒక పూట గైడును పెట్టుకుని, హేమకూటం కొండనూ నదీతీరాన్నీ మీకు మీరే తిరగమంటాను. బేరం కుదిరాక ఎన్ని చోట్లు చూపిస్తారని మాత్రమే కాక, ఎక్కడ ఎంతసేపు ఆగనిస్తారని కూడా ముందే అడగండి. పెద్దవాళ్ళు వెంట ఉంటే వాళ్ళు మాట్లాడితే వినే మనిషా కాదా అన్నది మొదటి పావుగంటలోనే తెలిసిపోతుంది.

మా అమ్మకు ఇప్పుడు డెబ్బై ఎనిమిది. మూడో చుట్టు తాను తిరగలేదని, అది బాకీ ఉందని పండగ పండగకూ గుర్తుచేస్తుంది. ఈ మాఘమాసంలో తీసుకువెళ్దామనుకుంటున్నాం. వరుస ఎక్కడ మొదలవుతుందో ఇప్పుడు నాకు తెలుసు గనుక ఈసారి గైడు అక్కరలేదు. చక్రాల కుర్చీ ఆ గోడ దాకా వెళ్తుందా లేదా అన్నది మాత్రం కమలాపురంలో ఎవరినైనా అడిగి కనుక్కోవాలి.