రేసు కోసం ఎంటీబీ (మౌంటెన్ బైక్) కొంటున్నారా? "డబుల్ డిస్క్, డబుల్ షాకర్" మాట విని బిల్లు కట్టకండి

చలికాలం వస్తోంది. సైక్లింగ్ ఫెస్టివల్ పోస్టర్లు మొదలయ్యాయి, వాటి వెనకే "20 వేలలోపు రేసుకు పనికొచ్చే ఎంటీబీ ఏదైనా ఉందా" అనే ప్రశ్నలూ మొదలయ్యాయి. కొనబోయేవాళ్లు ఇది చదివి షాపుకెళ్లండి.

ఈ హెచ్చరికకు కారణమైన సైకిల్ హైదరాబాద్‌లోనే ఒక షాపులో కొన్నది. 21 గేర్లు, ముందూ వెనకా డిస్కులు, ముందూ వెనకా షాకర్లు, లావు టైర్లు. "ఏ గుట్టకైనా తీస్కపో అన్నా, ఏం గాదు" అని అమ్మారు. ఫెస్టివల్ రేసులో మోకాలెత్తు బండ దిగుతుంటే హ్యాండిల్ బార్ స్టెమ్‌లో (బార్‌ని సైకిల్ ముందు భాగానికి కలిపే ముక్క) గిర్రున ముందుకు తిరిగింది. రైడర్ తలకిందులుగా పడ్డాడు, కాలర్‌బోన్ విరిగింది. "రేసులో వాడారు కదా, వారంటీ రాదు" అన్నది షాపువాళ్ల జవాబు. మాన్యువల్ చివరి పేజీల్లో ఆ మాట నిజంగానే ఉంది. అమ్మేటప్పుడు మాత్రం ఆ పేజీ ఎవరూ తిప్పి చూపించలేదు.

పడ్డ సైకిల్‌ని దగ్గరగా చూస్తే సంగతి తెలిసింది. స్టెమ్ ముందు ప్లేటుకి నాలుగు బోల్టులుంటాయి. పై రెండూ బిగుసుకుని ప్లేటు స్టెమ్‌కి ఆనిపోయింది, కింది రెండింటి దగ్గర అగ్గిపుల్ల దూరేంత సందు ఉంది. అంటే బార్‌ని పట్టుకున్నది సగం ప్లేటే. ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే, ముందు షాకర్ ఉండే రెండు కాళ్ల భాగం) కూడా తిరగేసి బిగించి ఉంది. పైన పటారం లోన లొటారం అంటే ఇదే.

ముందు అసలు విషయం. సైకిల్ దేనికి తయారైందో తయారీదారే చెబుతాడు, మనమే చూడం. ఏఎస్‌టీఎం ఎఫ్2043 అనే ప్రమాణం సైకిళ్లను వాడకాన్ని బట్టి 1 నుంచి 5 వరకు విడదీస్తుంది. 1 అంటే తారు రోడ్డు. 2 అంటే మట్టిదారి కూడా పర్వాలేదు, కానీ దూకే ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. 3 అంటే రాళ్ల ట్రయల్, 61 సెంటీమీటర్ల లోపు దూకుళ్లు. 4కి ఆ హద్దు 122 సెంటీమీటర్లు. 5 డౌన్‌హిల్, ఫ్రీరైడ్ లాంటి మొండి వాడకానికి. ఫ్రేమ్ కింది పైపు మీద గానీ సీటు పైపు దగ్గర గానీ చిన్న స్టిక్కర్‌లో ఈ అంకె ఉంటుంది, లేదా మాన్యువల్‌లో ఉంటుంది. చవక "ఎంటీబీ"ల్లో కొన్నింటికి 2 ఉంటుంది, కొన్నింటికి అసలు ఏ అంకే ఉండదు. అంకె లేని సైకిల్‌ని 1 అనుకోవడమే క్షేమం. రేసులో దిగాలంటే 3కి తక్కువ కొనొద్దు. ఇందులో బేరం లేదు.

షాకర్ల విషయానికి వద్దాం, ఎక్కువ మోసం ఇక్కడే. మంచి ఫోర్కులో స్ప్రింగ్‌తో పాటు డ్యాంపర్ ఉంటుంది. అణిగిన స్ప్రింగ్‌ని మెల్లగా పైకి రానిచ్చే పని దానిది. చవక ఫోర్కులో ఉత్త స్ప్రింగే. రాయి తగిలి అణిగింది అణిగినట్టే ఎగిరి తంతుంది, సరిగ్గా తర్వాతి రాయి వచ్చే సమయానికి ముందు చక్రం గాల్లో ఉంటుంది. షాపులోనే తేల్చుకోవచ్చు: ముందు బ్రేక్ పట్టుకుని ఒంటి బరువంతా హ్యాండిల్ మీద వేసి గట్టిగా నొక్కి, ఒక్కసారిగా వదలండి. చక్రం నేల వదిలి టక్కుమని ఎగిరితే డ్యాంపింగ్ లేనట్టే. "లాకౌట్ ఉంది కదా" అంటారు. లాకౌట్ ఫోర్కుని కదలకుండా ఆపుతుంది, అంతే. లాకౌట్ ఉన్నంత మాత్రాన డ్యాంపింగ్ ఉన్నట్టు కాదు. వెనక షాకర్‌కీ ఇదే లెక్క, పైగా జాయింట్లలో లూజు. సీటు పట్టుకుని రెండంగుళాలు ఎత్తి దించండి, టక్ టక్ అంటే ఆ సైకిల్ అక్కడే వదిలేయండి. ఉన్న డబ్బుకి వెనక షాకర్ లేని హార్డ్‌టెయిల్ తీసుకుంటే ఫోర్కు, బ్రేకులు ఒక మెట్టు మంచివి వస్తాయి.

వెనక చక్రం ఫ్రీవీలా, క్యాసెట్టా అని అడగండి. వెనక పళ్లచక్రాల్ని హబ్‌కి, అంటే చక్రం నడిమి భాగానికి, బిగించే రెండు పద్ధతులివి. ఫ్రీవీల్ హబ్‌లో కుడివైపు బేరింగ్ బాగా లోపలికి ఉంటుంది, ఇరుసు చివరి భాగానికి ఆనుకోవడానికి ఏమీ ఉండదు. మెట్లు మెట్లుగా ఉన్న బండలు దిగితే ఆ ఇరుసు వంగుతుంది, తర్వాత విరుగుతుంది. క్యాసెట్ హబ్‌లో బేరింగ్ చివరికంటా ఉంటుంది కాబట్టి ఆ బాధ తక్కువ. 21 గేర్లన్నవి చాలావరకు ఫ్రీవీల్ బాపతే.

ఇక బిగింపు. సైకిళ్లు డబ్బాలో సగం విప్పి వస్తాయి, హ్యాండిల్, ముందు చక్రం, పెడళ్లు, సీటు షాపులో బిగిస్తారు. శనివారం సాయంత్రం రద్దీలో కుర్రాడు పావుగంటలో లాగించేస్తాడు. డెలివరీ తీసుకునేముందు మీరే చూసుకోవలసినవి ఉన్నాయి. ముందు డిస్క్ కాలిపర్ (డిస్క్‌ని పట్టి ఆపే భాగం) ఫోర్కు ఎడమ కాలికి, వెనకవైపు ఉండాలి. కుడివైపు ముందుకు కనిపిస్తే ఫోర్కు తిరగేశారన్నమాట. అలాంటి సైకిల్ వాలులో తడబడుతుంది. చాలా స్టెమ్‌లలో ప్లేటు సందు పైనా కిందా సమానంగా ఉండాలి, బోల్టులు ఎక్స్ ఆకారంలో కొంచెం కొంచెంగా, సాధారణంగా 5 నుంచి 6 న్యూటన్ మీటర్లకు (బిగింపు బలానికి కొలత) బిగించాలి. కచ్చితమైన అంకె చాలావరకు స్టెమ్ మీదే అచ్చు వేసి ఉంటుంది. షాపులో టార్క్ రెంచ్ (ఆ కొలత చూపే పానా) లేదంటే వాళ్లు ఎలా బిగిస్తారో అర్థమైనట్టే. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్‌ని అటూ ఇటూ మెలితిప్పండి, తర్వాత రెండు గ్రిప్పుల మీద బరువేసి కిందికి నొక్కండి. ఏమాత్రం కదిలినా మళ్లీ బిగించమనండి. పెడళ్లకు 35 నుంచి 40 న్యూటన్ మీటర్లు. ఎడమ పెడల్ మరలు ఎదురు తిప్పుడు, తెలియనివాడు బలవంతంగా ఎక్కిస్తే క్రాంక్ (పెడల్ బిగించే చేయి) మరలు పోతాయి. హ్యాండిల్ చివర్ల ప్లగ్గులు ఉన్నాయా చూడండి. రెండు రూపాయల ముక్క అని తీసిపారేయొద్దు, ఖాళీ పైపు అంచు పొట్టలో దిగితే కాలేయం, ప్లీహం దాకా దెబ్బ పోతుంది.

బ్రేకుల్లో ఒక గుంట ఉంది, సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఎక్కువగా పడతారు. మన దగ్గర సాధారణంగా కుడి లివర్ ముందు బ్రేక్, మోటార్ సైకిల్‌లాగే. అమెరికా, యూరప్ నుంచి తెచ్చిన సైకిళ్లలో చాలావాటికి ఎడమ లివర్ ముందు బ్రేక్. వాలులో కంగారులో వెనక బ్రేక్ అనుకుని ముందుది గట్టిగా పట్టారో, హ్యాండిల్ మీంచి అవతలికే. నెమ్మదిగా తోస్తూ ఏ లివర్ ఏ చక్రాన్ని ఆపుతోందో చూసుకోండి. కొత్త డిస్క్ బ్రేక్ మొదటి రోజు సరిగా పట్టదు: ఖాళీ రోడ్డు మీద గంటకు 20, 25 కిలోమీటర్ల వేగం నుంచి నడక వేగానికి, చక్రం లాక్ కాకుండా, ఒక్కో బ్రేక్‌ని 20 నుంచి 30 సార్లు వాడాలి. రేసు రోజు పొద్దున కొత్త ప్యాడ్లు వేయించుకుని స్టార్ట్ లైన్‌కి వచ్చేవాళ్లని చూస్తే భయమేస్తుంది. పాత రోటర్ (బ్రేక్ డిస్క్) మందం 1.5 మిల్లీమీటర్లకు దిగితే, ప్యాడ్ పదార్థం అర మిల్లీమీటర్‌కి వస్తే మార్చేయాలి. హైడ్రాలిక్ (ద్రవం ఒత్తిడితో పనిచేసే బ్రేక్) అయితే మినరల్ ఆయిలా, డాట్ ఫ్లూయిడా చూడండి; మినరల్ సిస్టంలో డాట్ పోస్తే సీళ్లు ఉబ్బి లివర్ చచ్చుబడుతుంది. డెలివరీ ముందు సైకిల్ తళతళలాడాలని పాలిష్ స్ప్రే కొడతారు, అది రోటర్ మీద పడితే బ్రేక్ పట్టదు. కొట్టొద్దని ముందే చెప్పండి.

గాలి సంగతి. మన మెకానిక్‌కి టైరు రాయిలా ఉంటేనే తృప్తి. అనంతగిరి ఎర్రమట్టి మీద, నగరం చుట్టూ బండల మీద పరుచుకున్న మొరం మీద ఆ గాలితో వెళితే గోళీల మీద కాలేసినట్టే. 70 కిలోల మనిషికి, 2.1 అంగుళాల టైరులో ట్యూబ్ ఉంటే 30 నుంచి 35 పీఎస్‌ఐ, ట్యూబ్‌లెస్ అయితే 22 నుంచి 26 దగ్గర మొదలుపెట్టి చూసుకోండి. ట్యూబ్‌తో మరీ తగ్గిస్తే రాయి అంచుకి రిమ్ము నొక్కుకుని పాముకాటులా రెండు బొక్కలు పడతాయి. తుమ్మ ముళ్లకీ పల్లేరుకాయలకీ సీలెంట్ (టైరులో పోసే, బొక్కలు పూడ్చే ద్రవం) తప్ప మందు లేదు.

హెల్మెట్ దగ్గర కక్కుర్తి పడొద్దు. ఫెస్టివల్ ఎక్స్‌పో స్టాళ్లలో రంగురంగులవి చవగ్గా దొరుకుతాయి. లోపలి స్టిక్కర్ చూడండి: ఈఎన్ 1078 (యూరప్ ప్రమాణం) గానీ సీపీఎస్‌సీ (అమెరికా ప్రమాణం) గానీ ఉండాలి. ఈఎన్ 812 అని ఉంటే అది గోడౌన్లలో తల తగలకుండా పెట్టుకునే టోపీ, సైకిల్‌కి పనికిరాదు. ఐఎస్ 4151 మోటార్ సైకిల్ హెల్మెట్‌ది. డౌన్‌హిల్ రేసుకైతే ఏఎస్‌టీఎం ఎఫ్1952 ఉన్న ఫుల్ ఫేస్. లోపలి తెల్లటి ఫోమ్ ఒక్క దెబ్బకే నలిగి తన పని పూర్తి చేస్తుంది, పైన గీత కూడా కనపడకపోవచ్చు. అందుకే సెకండ్ హ్యాండ్ హెల్మెట్ ఉచితంగా ఇచ్చినా వద్దు.

సెకండ్ హ్యాండ్ ఫ్రేమ్ అయితే హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కింద ఉండే ముందు పైపు) కింద, క్రాంక్ చుట్టూ, సీటు పైపు వెల్డింగ్ దగ్గర తుడిచి టార్చ్ వేసి చూడండి. పెయింట్‌లో వెంట్రుకంత గీత ఉన్నా పగులే అనుకోండి. క్రాంక్ కింద ఫ్రేమ్ నంబర్, పాత బిల్లు కలవకపోతే దొంగ సరుకు కావచ్చు.

ఎంట్రీ ఫీజు కట్టేముందు నిర్వాహకుల్ని అడగండి: రేసుకు ముందు ట్రాక్ మీద ప్రాక్టీస్ రౌండ్ ఉందా, దిగుళ్ల దగ్గర మార్షల్స్ ఉంటారా, అంబులెన్స్ ఎక్కడ ఆగుతుంది, ఫీజులో ప్రమాద బీమా ఉంటే పాలసీ కాపీ ఇస్తారా. టీషర్ట్, మెడల్ గురించి పోస్టర్‌లో పెద్దక్షరాల్లో ఉంటుంది, ఇవి ఉండవు. మీ సొంత హెల్త్ పాలసీలో ఎక్స్‌క్లూజన్ (మినహాయింపు) 09 చదవండి. సాహస క్రీడల్లో ప్రొఫెషనల్‌గా పాల్గొంటే ఖర్చు ఇవ్వరన్నది దాని సారం. సరదాకి ఆడేవాళ్లని అది ఆపదు, కాబట్టి ఆస్పత్రి ఫారంలో "ప్రొఫెషనల్ రేసర్" అని ఎవరో రాసేస్తే అక్కడే సరిచేయించండి. పర్సనల్ యాక్సిడెంట్ పాలసీల షరతులు వేరు, రేసింగ్ అన్న మాట విడిగా వెతకండి.

పడితే: 108కి ఫోన్. తలకి దెబ్బ తగిలి అడిగిందే అడుగుతున్నా, వాంతి వచ్చినా ఆ రోజు మళ్లీ సైకిల్ ఎక్కనివ్వొద్దు. చేయి ఆనించి పడితే, బొటనవేలు పైకెత్తినప్పుడు మణికట్టు దగ్గర పడే గుంటలో నొక్కి చూడండి. అక్కడ నొప్పి ఉంటే స్కాఫాయిడ్ ఎముక విరిగి ఉండొచ్చు. మొదటి ఎక్స్‌రేలో అది కనపడకపోవడం మామూలే, 10 నుంచి 14 రోజులకు మళ్లీ తీయిస్తారు. హ్యాండిల్ పొట్టకి తగిలాక కడుపు నొప్పి పెరుగుతుంటే "గ్యాస్" అని సోడా తాగకుండా స్కానింగ్‌కి వెళ్లండి. మట్టిపడ్డ గాయానికి, చివరి టెటనస్ టీకా వేసుకుని ఐదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాలి.

తర్వాత ఫిర్యాదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సెక్షన్ 86 అమ్మకందారు గురించే: బిగించడంలో, తనిఖీలో తగిన జాగ్రత్త తీసుకోకపోయినా, తయారీదారు హెచ్చరికల్ని కొన్నవాడికి చేరవేయకపోయినా బాధ్యత అతనిది. తయారీదారు హామీకి మించి సొంత హామీ ఇచ్చినా అంతే. అందుకే కొనేటప్పుడే "రాళ్ల ట్రయల్ రేసుకి కావాలి" అని వాట్సాప్‌లో రాసి, "పనికొస్తుంది" అన్న జవాబు రాబట్టి దాచుకోండి. తప్పుగా వాడారని వాళ్లూ ఎదురు వాదిస్తారు కాబట్టి ఫ్రేమ్ స్టిక్కర్ అంకె ఇక్కడా పనికొస్తుంది. ముందు 1915 హెల్ప్‌లైన్, అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, గడువు రెండేళ్లు, చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. పడ్డ సైకిల్‌ని రిపేర్ చేయించకండి. స్టెమ్, బోల్టులు, ఫోర్కు ఉన్నది ఉన్నట్టు దగ్గరనుంచి ఫోటోలు తీయండి. "ఇటివ్వండి, కంపెనీకి పంపిస్తాం" అని షాపువాళ్లు అడిగితే, ఏ భాగం ఏ స్థితిలో తీసుకున్నారో రాసి, స్టాంపు వేసిన రసీదు ఇచ్చేదాకా ఒక్క బోల్టు కూడా చేతికివ్వొద్దు.