రొయ్య సీడు పరీక్షకు మేం వెళ్ళే భీమవరం ల్యాబ్ గురించి

చెరువులో సీడు (రొయ్య పిల్లలు) వేసే ముందు, జబ్బు క్రిమి జన్యువును వెతికే పీసీఆర్ పరీక్ష ఎక్కడ చేయించాలి అని మా చుట్టాల్లో, పక్క చెరువుల వాళ్ళలో అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. ఫోన్లో అందరికీ చెప్పిందే చెప్పలేక ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మాది పశ్చిమ గోదావరి, కాళ్ళ మండలం. ఆరెకరాల్లో వనామీ రకం రొయ్య వేస్తాం. చెరువు మీద పని మా ఆయన చూసుకుంటారు. సీడు బేరం, ఫీడు ఖాతా, ల్యాబ్ పనులు నా వంతు. ల్యాబ్ పేరు ఇక్కడ పెట్టడం లేదు. పెడితే ప్రచారం అనుకుంటారు. పైగా నేను చెప్పబోయే పద్ధతులు మీ ఊరి ల్యాబ్‌లో ఉంటే మీరు ఇంత దూరం రానక్కర్లేదు.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. అందులో పెద్ద భాగం ఒక్క కారణానికే: ఈ ల్యాబ్‌లో మందులు అమ్మరు. మన వైపు ఫీడు, మందుల షాపు వెనక గదిలోనే ల్యాబ్ ఉండటం మామూలు. నీళ్ళ టెస్టు ఫ్రీ అంటారు. రిపోర్టు చేతికి వచ్చేసరికి దాంతోపాటు ఒక ప్రోబయోటిక్, ఒక మినరల్, ఒక గట్ మందు రాసిన చీటీ కూడా వస్తుంది. టెస్టు ఖర్చు ఆ మందుల అమ్మకంలోంచే రాబట్టుకుంటారు. ఇక్కడ టెస్టుకు డబ్బు తీసుకుంటారు, చేతిలో రిపోర్టు పెడతారు, అంతే. "దీనికి మందు లేదండి, కొనకండి" అని చెప్పే మనిషి ఈ వ్యాపారంలో దొరకడం ఎంత అరుదో చెరువు చేసేవాళ్ళకి తెలుసు.

రెండోది శాంపిల్ దగ్గర వాళ్ళు పట్టే పట్టు. కౌంటర్లో కూర్చునే అమ్మాయి కవరు అందుకోగానే తెల్లటి ట్రేలో పోసి పిల్లల్ని లెక్కపెడుతుంది. ముప్పై, నలభై ఉంటే మొహమాటం లేకుండా చెప్పేస్తుంది: "ఆంటీ, ఇవి చాలవు. 150 తెండి." నాకు మొదట ఇది అనవసరపు చాదస్తంలా అనిపించింది. ఆ అమ్మాయి గోడకి అంటించిన పట్టిక చూపించి వివరించింది. ట్యాంకులో నూటికి పది పిల్లలకు జబ్బు ఉంటే 30 పిల్లలు తెచ్చినా అందులో ఒక్కటైనా జబ్బుది ఉండే అవకాశం 95 శాతం దాకా ఉంటుంది. నూటికి రెండింటికే ఉంటే మాత్రం ఆ నమ్మకం రావాలంటే 150 కావాలి. నాలుగు లక్షల సీడులో నూటికి రెండు అంటే ఎనిమిది వేల పిల్లలు. ఒకే చెరువులో ఎనిమిది వేలు రెట్టలు వేస్తూ తిరుగుతుంటే మిగతా వాటికి అంటడానికి ఎన్నాళ్ళు పడుతుంది? ముప్పై పిల్లలు పట్టుకెళ్ళి "నెగెటివ్" రిపోర్టు జేబులో పెట్టుకునేవాళ్ళు దయచేసి ఈ లెక్క ఒకసారి వేసుకోండి.

ఎక్కడినుంచి తీశారో కూడా అడుగుతారు. హేచరీ (రొయ్య పిల్లల్ని పుట్టించి అమ్మే చోటు) కుర్రాడు మగ్గుతో ట్యాంకు అంచున ఒక్క ముంచు ముంచి ఇస్తే అది శాంపిల్ కాదు. ఏరేషన్ నడుస్తుండగా నాలుగైదు చోట్ల తీయాలి, అడుగున నీరసంగా పడి ఉన్న పిల్లల్ని వదలకూడదు. పిల్ల కాస్త పెద్దదైతే పరీక్షకు పెట్టే ముందు సన్న బ్లేడుతో కళ్ళు తీసేస్తారు. రొయ్య కంట్లో ఉండే పదార్థాలు పీసీఆర్‌ని అడ్డుకుంటాయట, జబ్బు ఉన్నా మెషిన్ పట్టుకోలేదట. ఆ అమ్మాయి మైక్రోస్కోపు లైటు కింద తలవంచుకుని ఒక్కొక్క పిల్లకీ ఆ పని చేస్తుంటే నేను పక్కన నిలబడి చూశాను. అంత ఓపిక ఉన్న చోట రిపోర్టును నమ్మబుద్ధవుతుంది.

ఇంత జాగ్రత్త ఎందుకో కొత్తగా చెరువుల్లోకి వచ్చినవాళ్ళ కోసం చెప్తాను. వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు మన దేశంలోకి 1994లో వచ్చింది. అది వస్తే రోజుల్లో చెరువు ఖాళీ అవుతుంది, అందరికీ కనబడుతుంది. ఇప్పుడు మమ్మల్ని తినేస్తున్నది ఈహెచ్‌పీ అనే జబ్బు. 2004లో థాయ్‌లాండ్‌లో టైగర్ రొయ్యలో మొదట కనిపెట్టారు, 2009లో దానికి పేరు పెట్టారు. ఇది వైరస్ కాదు, బ్యాక్టీరియా కాదు, మైక్రోస్పోరిడియా అనే పరాన్నజీవుల జాతి. రొయ్య లివర్ అని మనం అనే హెపాటోపాంక్రియాస్ కణాల్లో చేరి అక్కడే పెరుగుతుంది. రొయ్య చావదు. మేత తింటుంది, చెక్ ట్రే (మేత తిన్నాయో లేదో చూసే పళ్ళెం) ఖాళీ చేస్తుంది, ఒంటికి మాత్రం పట్టదు. విసురు వల వేస్తే ఒకటి 60 కౌంట్ (కిలోకి 60 తూగే) సైజు, దాని పక్కనే 150 కౌంట్ సైజు. మేత బిల్లు పెరుగుతూనే ఉంటుంది, కౌంట్ కదలదు. చెన్నైలోని సీబా (కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 2021లో ప్రచురించిన లెక్క ప్రకారం రొయ్య జబ్బుల వల్ల దేశానికి ఏటా సుమారు 7,200 కోట్ల నష్టం, అందులో సగానికి పైగా ఈ ఒక్క ఈహెచ్‌పీదే. ఆ నష్టంలో ఎక్కువ భాగం చచ్చిన రొయ్యది కాదు, ఎదగని రొయ్యది. అందుకే అది పేపర్లో ఫోటోగా రాదు.

ఈ ల్యాబ్‌లో నాకు బాగా నచ్చిన విషయం రిపోర్టులో ఏ జన్యువు మీద పరీక్ష చేశారో రాస్తారు. ఇది చిన్న సంగతి కాదు. ఈహెచ్‌పీ పీసీఆర్ అంటే అంతటా ఒకటే అనుకుంటాం. పాత పద్ధతి రైబోజోమ్ జన్యువును వెతుకుతుంది. దగ్గరి చుట్టాలైన వేరే మైక్రోస్పోరిడియాలకి కూడా అది పాజిటివ్ చూపించే అవకాశం ఉందని తేలాక, 2016లో థాయ్ పరిశోధకులు స్పోరు (ఈ పరాన్నజీవి విత్తనం లాంటి రూపం) గోడలో ఉండే ప్రోటీన్ జన్యువును వెతికే పద్ధతి తెచ్చారు. అది ఈహెచ్‌పీకే ప్రత్యేకం. ఇక్కడ ఆ పద్ధతే వాడతారు. మీరు వెళ్ళే ల్యాబ్‌లో "ఏ జీన్ టార్గెట్ అండి?" అని ఒక్క మాట అడగండి. జవాబు చెప్పే తీరులోనే సగం తెలిసిపోతుంది.

రియల్ టైమ్ పీసీఆర్ చేయిస్తే సీటీ విలువ, అంటే మెషిన్‌కి ఎన్నో సైకిల్‌లో జబ్బు కనబడిందో ఆ అంకె, ఇస్తారు, దాన్ని ఎలా చదవాలో కూర్చోబెట్టి చెప్తారు. మెషిన్‌లో ఒక్కో సైకిల్‌కి డీఎన్ఏ రెట్టింపవుతుంది. కాబట్టి అంకె ఎంత తక్కువైతే జబ్బు అంత ఎక్కువ. 35కీ 25కీ తేడా పదే కదా అనిపిస్తుంది, నిజానికి అది దాదాపు వెయ్యి రెట్ల తేడా. చెరువులో ఉన్న రొయ్యకి పాజిటివ్ వచ్చినప్పుడు ఈ అంకె చాలా పనికొస్తుంది. ఇంకా కొన్నాళ్ళు మేత పెట్టి చూడాలా, ఉన్న కౌంట్‌కి పట్టుబడి చేసేయాలా (రొయ్యలు పట్టి అమ్మేయాలా) అన్న నిర్ణయం ఊహ మీద కాకుండా ఒక ఆధారం మీద తీసుకోవచ్చు. వారం తేడాతో రెండుసార్లు చేయించి అంకె ఎటు పోతోందో చూడమంటారు.

ఇక మైక్రోస్కోపు గది. వైట్ ఫీకల్ (రొయ్య తెల్లటి రెట్ట వేసే జబ్బు) వచ్చినప్పుడు నీళ్ళ మీద తెల్లటి దారాలు తేలతాయి కదా, ఆ దారాన్నీ ఒక రొయ్య గట్‌నీ పట్టుకెళ్ళాను. ల్యాబ్ నడిపే డాక్టరు గారు స్లైడు పెట్టి నన్నే చూడమన్నారు. పారదర్శకంగా, పొడుగ్గా, సన్న పురుగుల్లాంటివి బోలెడు కనిపించాయి. "ఇవేనండి మీ అందరితో గ్రెగారిన్ మందు కొనిపించేవి," అన్నారు. గ్రెగారిన్ అంటే రొయ్య పేగులో బతికే పురుగులాంటి పరాన్నజీవి. కాని నేను చూసినవి పురుగులు కావట. లివర్ గొట్టాల లోపలి కణాల పైపొర ఊడిపోయి, చుట్టుకుని ఆ ఆకారంలోకి వస్తుందని థాయ్‌లాండ్ వాళ్ళు 2014లోనే చూపించారట. పురుగే లేనప్పుడు పురుగు మందు దేనికి? అసలు గ్రెగారిన్లు వేరేగా ఉన్నాయి, వాటి ఫోటో కూడా పక్కన పెట్టి తేడా చూపించారు. ఈహెచ్‌పీ ఒక్కటే ఉంటే వైట్ ఫీకల్ రాకపోవచ్చు, దానికి విబ్రియో అనే బ్యాక్టీరియా తోడైతే వస్తుందని ఈ మధ్య పరిశోధనల్లో తేలిందని, అందుకే ఈ రెండు టెస్టులూ కలిపి చేయించుకోమని అన్నారు. విబ్రియోని పెంచి చూసే ప్లేటు కూడా చూపించారు, పచ్చ కాలనీలు ఎన్ని, పసుపు కాలనీలు ఎన్ని అని వేరుగా లెక్కపెట్టి రాస్తారు.

మన దగ్గర ఒక గట్టి నమ్మకం ఉంది, ఉప్పదనం తక్కువ ఉన్న చెరువుకి ఈహెచ్‌పీ రాదని. ఆ మాట అక్కడ ఎత్తాను. ఉప్పు ఎక్కువున్న నీళ్ళలో తీవ్రత ఎక్కువన్నది నిజమే గాని, 2 పీపీటీ (వెయ్యికి రెండు వంతుల ఉప్పు) నీళ్ళలో కూడా అంటుకుంటుందని ప్రయోగాల్లో తేలిందని చెప్పారు. కాళ్ళ, ఆకివీడు, ఉండి వైపు తక్కువ ఉప్పులో చేసేవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

పాజిటివ్ వచ్చిన చెరువుని మళ్ళీ ఎలా సిద్ధం చేయాలో కూడా కాగితం మీద రాసిచ్చారు. అడుగు బాగా ఎండబెట్టి, హెక్టారుకి 6 టన్నులు, అంటే ఎకరాకి దాదాపు రెండున్నర టన్నుల కాల్చిన సున్నం వేసి, 10-12 సెంటీమీటర్ల లోతు దున్ని, తడిపి వారం వదిలేయాలి. మట్టి పీహెచ్ 12కి చేరాలి. మనం ఎకరాకి నాలుగు బస్తాలు చల్లి తృప్తి పడటం దీని ముందు ఏ మూలకీ రాదు. స్పోరు గోడ మందంగా ఉంటుంది, ఎండకి, మామూలు మోతాదులకి లొంగదు. ఖర్చు ఎక్కువే, కాని పంట మొత్తం ఎదగకుండా నిలబడిపోవడం కంటే ఎక్కువ కాదు.

లోపాలు కూడా చెప్పాలి. రిపోర్టు మొత్తం ఇంగ్లీషులో ఉంటుంది. మా ఆయనకి, చెరువు మీద పనిచేసే కుర్రాళ్ళకి దాన్ని నేను చదివి చెప్పాలి. ఒక్క పేజీ తెలుగులో ఇస్తే ఎంత మేలు! పీసీఆర్ ఫలితం మర్నాటికి గాని రాదు. హేచరీ వాళ్ళేమో సాయంత్రానికే అడ్వాన్సు వేయమని, రాత్రికే బండి పంపుతామని తొందరపెడతారు. ఆ ఒక్క రాత్రి టెన్షన్ నాకు బాగా తెలుసు. దానికి ల్యాబ్‌ని తప్పు పట్టలేను గాని, సీజన్‌లో ఇంకో మెషిన్, ఇంకో మనిషి ఉంటే బాగుంటుంది. 2020లో చైనా హేచరీల్లో బయటపడిన గాజు పిల్ల జబ్బు, అంటే పిల్ల పారదర్శకంగా మారి ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోయేది, దాని టెస్టు ఇక్కడ ఇంకా పెట్టలేదు. పెట్టాలని అడిగాను. ధర కూడా తక్కువేం కాదు. అయితే సీడుకే లక్ష దాటి పెడుతున్నప్పుడు అందులో నూటికి ఒకటో రెండో పరీక్షకి పోతే నష్టం లేదు.

ఇంకో మాట. నెగెటివ్ రిపోర్టు కింద చిన్న అక్షరాల్లో "ఈ ఫలితం తెచ్చిన శాంపిల్‌కి మాత్రమే వర్తిస్తుంది" అన్న అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. చాలామంది దాన్ని తప్పించుకునే మాట అనుకుంటారు. నాకది నిజాయితీగా అనిపిస్తుంది. సీడు శుభ్రంగా ఉన్నా పక్క చెరువు నీళ్ళు బోదెలోంచి మన చెరువులోకి వస్తే జబ్బు వస్తుంది. హేచరీలో తల్లి రొయ్యలకి పచ్చి సముద్రపు పురుగుల్ని మేతగా వేస్తే వాటితో కూడా వస్తుంది. ఆ పురుగుల్ని గడ్డకట్టించి గాని పాశ్చరైజ్ చేసి గాని వేస్తున్నారా అని హేచరీ వాళ్ళని అడగమని నాకు నేర్పింది కూడా ఈ ల్యాబే. అడిగితే కొందరు చిరాకు పడతారు. పడనివ్వండి. చెరువులో జబ్బు తేలితే కేంద్ర మత్స్యశాఖ 2023లో తెచ్చిన రిపోర్ట్ ఫిష్ డిసీజ్ యాప్‌లో కూడా పెట్టమని డాక్టరు గారు అందరికీ చెప్తారు. దాచుకుంటే కాలవ పొడుగునా అందరం మునుగుతాం.

వెళ్ళేవాళ్ళు పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నం దాటితే ఆ రోజు బ్యాచ్‌లోకి తీసుకోరు. పిల్లల్ని ఆక్సిజన్ కవరులో ప్రాణంతో తీసుకెళ్తే మంచిది. దూరం నుంచి పంపేవాళ్ళు 95 శాతం ఆల్కహాల్‌లో వేసి పంపండి. ఫార్మలిన్‌లో వేయకండి, డీఎన్ఏ దెబ్బతిని పీసీఆర్‌కి పనికిరాదు. ట్యాంకు నంబరు, పిల్ల వయసు, తీసిన తేదీ కవరు మీద మార్కరుతో రాయండి. ఆదివారం సెలవు.