మూడేళ్ళుగా వాడుతున్న యూఎస్‌బీ వైఫై అడాప్టర్, డ్రైవర్ బాధలతో సహా చెప్తున్నా

గుంటూరు బ్రాడీపేటలో మాకు చిన్న డీటీపీ, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు ఉంది, చుట్టూ కోచింగ్ సెంటర్లు కాబట్టి ఏదన్నా నోటిఫికేషన్ పడిందంటే చాలు పిల్లలు వాలిపోతారు, ఫోటో సైజు తగ్గించండి మేడం, సంతకం అప్‌లోడ్ అవట్లేదు మేడం, హాల్ టికెట్ తీసివ్వండి మేడం, రోజంతా ఇదే గోల. నెట్ లేకపోతే షట్టర్ దించుకోడమే. నెట్ కనెక్షనేమో పైన మేం ఉండే వాటాలో ఉంది, కిందకి వైరు లాగుదామంటే ఓనరు గారు గోడకి మేకు కొట్టనివ్వరు, ఇంక డ్రిల్లింగ్ మాటెత్తితే ఇల్లే ఖాళీ చెయ్యమంటారు. షాపులో ఉన్నది 2013 నాటి డెస్క్‌టాప్, మూడో తరం ఐ3, దాన్లో వైఫై ఎక్కడుంటది. అందుకని 2022 జూన్‌లో ఒక యూఎస్‌బీ వైఫై అడాప్టర్ కొన్నా, అంటే యూఎస్‌బీ పోర్టులో పెడితే కంప్యూటర్‌కి వైఫై అందించే ముక్క, బొటనవేలి గోరంత ఉంది, 749 రూపాయలు. అప్పట్నుంచి ఇప్పటిదాకా అదే వాడుతున్నా, మధ్యలో ఇంకోటి కూడా కొన్నా, దాని సంగతి తర్వాత.

కంపెనీ పేరు చెప్పను. దాచిపెట్టాలని కాదు, ఈ సరుకులో పేరుతో పనేం లేదు. లోపల ఏ చిప్ ఉందో అదే అసలు సరుకు, పైన డబ్బా ఎవరిదైనా ఒకటే. ఆ ముక్క కొనేముందు ఎవరన్నా చెప్పి ఉంటే నాకు చాలా రాత్రుళ్ళు నిద్ర మిగిలేది.

డబ్బా మీద 650 అని ఇంతింత అక్షరాలు. నేనేమో మా ప్లాన్ 100 ఎంబీపీఎస్సే కదా, 650 అంటే దర్జాగా సరిపోద్దిలే అనుకున్నా. తర్వాత తెలిసింది అది 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 433, 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 200, రెండూ కలిపి రౌండ్ చేసిన లెక్క అని, వాడేటప్పుడు ఏదో ఒక బ్యాండే పనిచేస్తది, ఆ 433 కూడా కాగితం మీద లెక్కే. మా షాపులో పైన రౌటర్, మధ్యలో స్లాబు, 5 గిగాహెర్ట్జ్‌లో నాకు 70, 80 మధ్య వస్తోంది, 2.4కి మారిస్తే 30. అప్లికేషన్లకి 30 కూడా ఎక్కువే, దాని గురించి నాకు కంప్లయింట్ లేదు.

అసలు కథ డ్రైవర్, అంటే ఆ అడాప్టర్‌తో ఎలా పనిచెయ్యాలో కంప్యూటర్‌కి చెప్పే సాఫ్ట్‌వేర్. డబ్బాలో అరచేతి కంటే చిన్న సీడీ ఒకటి ఇచ్చారు. మా డీవీడీ డ్రైవ్ బటన్ నొక్కితే తెరుచుకోక రెండేళ్ళు అయింది, కాబట్టి ఆ సీడీ నేరుగా బాల్కనీలోకి పోయి పావురాలు రాకుండా దారానికి వేలాడుతోంది. విండోస్ 10లో మాత్రం పెద్ద ఇబ్బంది పడలేదు, అడాప్టర్ పెట్టగానే మై కంప్యూటర్లో ఒక సీడీ డ్రైవ్ లాగా కనపడింది, దాన్లోనే సెటప్ ఫైల్ ఉంది, డబుల్ క్లిక్, నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్, ఆ సీడీ డ్రైవ్ మాయమై వైఫై గుర్తు వచ్చింది. అబ్బో ఎంత తెలివిగా పెట్టారో అనుకున్నా. అంటే అడాప్టర్లోనే చిన్న మెమరీ ఉంటది, ముందు సీడీలాగా నటిస్తది, డ్రైవర్ ఎక్కాక వేషం మార్చి వైఫై అవుతది.

ఈ వేషాలే లినక్స్‌లో, అంటే విండోస్ బదులు వాడే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌లో, కొంప ముంచాయి. అదే ఏడు ఆగస్టులో సిస్టమ్ బాగా నత్తనడక అయిపోతే మా తమ్ముడి కొడుకు విజయవాడ నుంచి వచ్చి, బీటెక్ లెండి, విండోస్ పక్కనే లినక్స్ మింట్ 21 వేశాడు, మింట్ అంటే అదొక రకం లినక్స్. అడాప్టర్ పెట్టాం. వైఫై లేదు, ఏం లేదు, డెస్క్‌టాప్ మీద సీడీ బొమ్మ ఒకటి వచ్చి కూర్చుంది. వాడు కమాండ్లు కొట్టే టెర్మినల్ తెరిచి ఎల్ఎస్‌యూఎస్‌బీ అని కొడితే యూఎస్‌బీకి పెట్టినవాటి లిస్టులో కంపెనీ నంబర్ 0బీడీఏ, పక్కన పరికరం నంబర్ 1ఏ2బీ అని వచ్చింది. "అత్తా, ఇది ఇంకా సీడీ వేషంలోనే ఉంది, బయటికి తీయాలి" అని ఎజెక్ట్ కమాండ్ ఎస్ఆర్0 అని కొట్టాడు. గర్రుమని మా పాత డీవీడీ ట్రే బయటికొచ్చింది! రెండేళ్ళుగా ఎంత గుద్దినా రానిది. దాన్లో ఎవరిదో పెళ్ళి ఫోటోల డిస్కు, వాళ్ళు దానికోసం నాతో ఎంత గొడవ పడ్డారో. సరే, ఎస్ఆర్0 అసలు డ్రైవ్ అయితే ఎస్ఆర్1 మనదన్నమాట, అది కొట్టగానే మళ్ళీ ఎల్ఎస్‌యూఎస్‌బీలో 1ఏ2బీ పోయి సీ811 వచ్చింది. వేషం మారింది. ప్రతిసారీ చేత్తో కొట్టకుండా యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే ప్యాకేజీ ఉంది, అదే ఈ పని చేసిపెడతది.

ఆ సీ811 నంబర్ చూస్తే తెలిసింది లోపలున్న చిప్ 8811సీయూ అని. మింట్ 21లో వచ్చే కెర్నెల్, అంటే లినక్స్‌కి గుండెకాయ లాంటి భాగం, 5.15 వెర్షన్, అందులో ఈ చిప్‌కి డ్రైవర్ లేదు. గిట్‌హబ్ అని ప్రోగ్రాములు పంచుకునే సైట్‌లో ఎవరో పుణ్యాత్ములు పెట్టింది దించుకుని మన సిస్టమ్ మీదే తయారు చేసుకోవాలి. దించుకోడానికి నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి, పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు అన్నట్టు. ఇక్కడ ఫోనే దిక్కు. ఫోన్‌ని ఛార్జింగ్ కేబుల్‌తో సీపీయూకి పెట్టి, సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ పక్కన యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే వైరు నెట్ వచ్చినట్టే వచ్చేస్తది, దానికి వేరే డ్రైవర్ అక్కర్లేదు. ఇది ఒక్కటి గుర్తుపెట్టుకోండి, విండోస్‌లో కూడా పనికొస్తది. తర్వాత డ్రైవర్ తయారీకి కావాల్సిన బిల్డ్ ఎసెన్షియల్, కెర్నెల్ హెడర్స్ ప్యాకేజీలు వేసుకుని, మేక్, మేక్ ఇన్‌స్టాల్ అని కమాండ్లు కొడితే మా ఐ3 మూలుగుతూ టీ తాగొచ్చేంతసేపు చేసింది, వైఫై వచ్చింది. మా వాడు కాలరెగరేసుకుని సాయంత్రం బస్సెక్కి వెళ్ళిపోయాడు.

సరిగ్గా రెండు వారాలకి అప్‌డేట్ మేనేజర్లో ఏదో ఉంటే ఓకే కొట్టా. పొద్దున్నే షాపు తీసి ఆన్ చేస్తే వైఫై లేదు. ఆ రోజు హాల్ టికెట్లు. బయట పదిహేను మంది, లోపల నేను అడాప్టర్ పీకడం, పెట్టడం, పోర్టు మార్చడం, దాన్ని చీర కొంగుతో తుడవడం. ఫోన్ చేస్తే వాడన్నాడు, కెర్నెల్ అప్‌డేట్ అయింది అత్తా, మనం తయారుచేసిన డ్రైవర్ పాత కెర్నెల్ ఫోల్డర్లోనే ఉండిపోయింది అని. అంటే అద్దె ఇల్లు మారి సామాను పాతింట్లోనే వదిలేసి వచ్చినట్టు. తాత్కాలికంగా రీస్టార్ట్ చేసి, ఆన్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి కింద ఉన్న పాత కెర్నెల్ ఎంచుకుంటే వైఫై వచ్చేసింది, ఐదు నిమిషాల పని, కానీ ఆ ఐదు నిమిషాల పని తెలియడానికి నాకు గంట పట్టింది, ఆ గంటలో సగం మంది పక్క షాపుకి పోయారు.

దానికి సరైన మందు డీకేఎంఎస్ అనే ప్యాకేజీ. అది వేసి దాని ద్వారా డ్రైవర్ ఎక్కిస్తే కెర్నెల్ మారినప్పుడల్లా అదే మళ్ళీ డ్రైవర్ తయారు చేసుకుంటది. కొత్త కెర్నెల్ హెడర్స్ మాత్రం ఉండాలి, అవి లేకపోతే అదీ చేతులెత్తేస్తది. వాడు మొదటిసారే ఇట్టా వేసుంటే పోయేది, తొందరపాటు. ఆ తర్వాత ఏడాదిన్నర పైనే అడాప్టర్ ఉందన్న సంగతే మర్చిపోయా, నిజం.

మళ్ళీ తలనొప్పి 2024లో. మింట్ 22కి అప్‌గ్రేడ్ చేశా, అది కెర్నెల్ 6.8. విషయం ఏంటంటే 2023 ఫిబ్రవరిలో వచ్చిన 6.2 నుంచి ఈ 8811సీయూకి కెర్నెల్లోనే డ్రైవర్ వచ్చేసింది, ఆర్‌టీడబ్ల్యూ88 అంటారు, అంటే బయట నుంచి ఏమీ దించక్కర్లేదు, పెడితే పనిచెయ్యాలి. నాకు పనిచెయ్యలేదు. మా వాణ్ణి అడుగుదామంటే అది సెప్టెంబర్ మొదటి వారం, బుడమేరు వాగు పొంగి విజయవాడలో వాళ్ళ సింగ్‌నగర్ అంతా నీళ్ళలో ఉంది, వాళ్ళు మేడ మీద పాల ప్యాకెట్ కోసం ఎదురుచూస్తుంటే నేను డ్రైవర్ గురించి ఏం అడుగుతా. నేనే కూర్చున్నా. డీకేఎంఎస్ స్టేటస్ కొడితే పాత డ్రైవర్ పేరు ఇంకా వేలాడుతోంది, కొత్త కెర్నెల్ మీద అది తయారవట్లేదు, పైగా డ్రైవర్ల సెట్టింగులుండే మోడ్‌ప్రోబ్ ఫోల్డర్లో పాత డ్రైవర్ తాలూకు ఫైల్ ఒకటి ఉండి అందులో కొత్తదాన్ని బ్లాక్‌లిస్ట్, అంటే ఎక్కనివ్వొద్దు, అని రాసుంది! తను చెయ్యదు, పక్కదాన్ని చెయ్యనివ్వదు. రెండూ తీసేసి రీస్టార్ట్ చేశా, రాత్రి పదకొండున్నరకి నెట్ వచ్చింది. మా ఆయన్ని లేపి మరీ చూపించా, ఆయన ఊ అని అటు తిరిగి పడుకున్నాడు.

కాబట్టి ఇప్పుడు కొత్తగా 6.2 కంటే పై కెర్నెల్‌తో మొదలుపెట్టేవాళ్ళు ఇదే చిప్‌కి నెట్‌లో కనపడే పాత గైడ్లు చూసి గిట్‌హబ్ డ్రైవర్ వేసుకోకండి, ముందు ఊరికే పెట్టి చూడండి.

సెక్యూర్ బూట్ గొడవ మా పాత సిస్టమ్‌లో లేదు గానీ మా వాడి లాప్‌టాప్‌లో వచ్చింది, లోపలి వైఫై కార్డు పోయి వాడు కూడా ఇదే అడాప్టర్ కొన్నాడు. డ్రైవర్ బ్రహ్మాండంగా తయారైంది, ఎక్కించబోతే కీ రిజెక్టెడ్ అని ఎర్రర్. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే డిజిటల్ సంతకం లేని డ్రైవర్ని రానివ్వదు. ఇన్‌స్టాల్ అప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటది, రీస్టార్ట్ చేసినప్పుడు నీలం రంగు స్క్రీన్ వచ్చి ఏదో ఒక కీ నొక్కమంటది, పది సెకన్లు లెక్కపెట్టి పోతది, ఆ లోపల నొక్కి ఎన్‌రోల్ ఎంఓకే అని ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి. వాడు రీస్టార్ట్ కొట్టి మంచినీళ్ళకి వెళ్ళాడు. మూడుసార్లు.

విండోస్‌లో ఒక్కసారే ఏడిపించింది, ఒక అప్‌డేట్ తర్వాత స్పీడు 5 కంటే పైకి లేవలేదు. డివైస్ మేనేజర్లో అడాప్టర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డ్రైవర్, రోల్ బ్యాక్ కొడితే పాత డ్రైవర్ వచ్చేసింది, అయిపోయింది. అక్కడే పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కరెంటు ఆదా కోసం డివైస్ ఆపుకోవచ్చు అని ఒక టిక్కు ఉంటది, అది తీసెయ్యండి, సగం డిస్‌కనెక్టులు దానివల్లే. అదే ట్యాబ్‌ల వరసలో డీటైల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీస్ అని చూస్తే వీఐడీ, పీఐడీ అని కంపెనీ నంబర్, పరికరం నంబర్ ఉంటాయి, వాటితో మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్‌లో వెతికితే అసలు డ్రైవర్ దొరుకుద్ది. మీ డ్రైవర్లన్నీ పాతబడ్డాయి అని భయపెట్టే అప్‌డేటర్ సాఫ్ట్‌వేర్లు మాత్రం వద్దు, షాపుకొచ్చే పిల్లల లాప్‌టాపుల్లో అవి చేసిన చెత్త తీయలేక చస్తున్నా. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 సపోర్ట్ అయిపోయింది, మా ఐ3 కి 11 రాదు, కాబట్టి నాకిప్పుడు మింటే గతి.

డ్రైవర్ కాకుండా ఇంకో విషయం, అప్పుడప్పుడూ 2.4లో సిగ్నల్ ఊరికే పడిపోయేది, డ్రైవరేమో అని దాన్ని తిట్టుకున్నా పాపం. తీరాచూస్తే పక్కన నీలం పోర్టులో ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పెట్టినప్పుడే అట్టా అవుతోంది. యూఎస్‌బీ 3 పోర్టు నుంచి వచ్చే రొద 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి అడ్డమొస్తది, ఇంటెల్ వాళ్ళే 2012లో దీని మీద ఒక పేపర్ రాశారు. మీటరు ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొని అడాప్టర్ని కిటికీ ఊచకి రబ్బరు బ్యాండుతో కట్టేశా. సిగ్నల్ ఒక గీత పెరిగింది, సీపీయూ వెనక వేడి కూడా తప్పింది. రోహిణీ కార్తెలో గుంటూరు సంగతి తెలుసుగా, ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది.

రెండో అడాప్టర్ సంగతి. ఆ హాల్ టికెట్ల రోజు దెబ్బకి స్పేర్ ఉండాలని చిన్న యాంటెన్నా ఉన్నది 280కి కొన్నా, 150 రకం, 2.4 మాత్రమే. లోపల మీడియాటెక్ ఎంటీ7601యూ. దీనికి కెర్నెల్లో 4.2 నుంచి, అంటే 2015 నుంచి డ్రైవర్ ఉంది. పెట్టా, పనిచేసింది, ఇంతే కథ, రాయడానికి ఇంకేం లేదు. 749ది మూడేళ్ళు నా ప్రాణం తీస్తే 280ది నోరెత్తలేదు. స్పీడు మాత్రం 25 దాటదు.

కొనేటప్పుడు షాపులో చిప్ ఏంటి అని అడిగితే వింతగా చూస్తారు, అయినా అడగండి. మోడల్ పేరు ఒకటే అయినా లోపల మారిపోతది, టీపీ-లింక్ 722ఎన్ వెర్షన్ 1లో ఎథెరాస్ ఏఆర్9271 ఉండేది, వెర్షన్ 2 నుంచి వేరే చిప్, పేరు అదే. కాబట్టి స్టిక్కర్ మీద వెర్షన్ కూడా చూడాలి. 5 గిగాహెర్ట్జ్ కావాలంటే ఎంటీ7612యూ ఉన్నది దొరికితే మంచిది, 4.19 నుంచి కెర్నెల్లోనే ఉంది, నేనైతే ఈసారి అదే వెతుక్కుంటా.

మొదటిదానికి ఇప్పుడు 5కి మూడున్నర ఇస్తా, 2022లో అడిగుంటే ఒకటి కూడా ఇచ్చేదాన్ని కాదు. ఇప్పటికీ ఒక తెగులు మిగిలింది, సిస్టమ్ స్లీప్‌లోకి పోయి లేస్తే నాలుగైదు సార్లకోసారి వైఫై రాదు, నెట్‌వర్క్ మేనేజర్లో కరెంటు ఆదా చేసే పవర్‌సేవ్ 3 (ఆన్) ఉన్నదాన్ని 2 (ఆఫ్) చేస్తే తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. కిటికీ దాకా వెళ్ళి పీకి పెడితే వస్తది. అందుకే భోజనానికి పైకి వెళ్ళేటప్పుడు స్లీప్ కాకుండా మానిటర్ ఒక్కటే ఆపి వెళ్తున్నా.