చిన్న ట్రాక్టరుకు ఏ కొలత రోటవేటర్ మేలు? మూడున్నర అడుగులా, నాలుగడుగులా?

చిత్తూరు జిల్లాలో మామిడి తోపులున్న రైతులు చాలామంది ఇప్పుడు 24 నుంచి 27 హెచ్‌పీ దాకా ఉండే చిన్న ట్రాక్టర్ల వైపు చూస్తున్నారు. తోతాపురి చెట్ల కొమ్మలు కిందికి వాలి ఉంటాయి కనుక, పెద్ద ట్రాక్టరును తోపులోకి తోలితే కొమ్మలు విరిగి పిందె రాలడం ఖాయం. ఆ విధంగా చూస్తే చిన్న బండిని ఎంచుకోవడంలో పొరపాటు లేదు. పొరపాటు జరిగేది దాని వెనుక తగిలించే పరికరం, ముఖ్యంగా తిరిగే కత్తులతో నేలను గుల్ల చేసే రోటవేటర్, కొలతలో. ఎంత వెడల్పుది కొంటే అంత తొందరగా పని అవుతుందన్న లెక్క 45 హెచ్‌పీ బండికి కొంతవరకు సరిపోతుంది కానీ, తొమ్మిది వందల కిలోలుండే ఇలాంటి చిన్న బండికి సరిపోదు.

పూతలపట్టు దగ్గర మాకు నాలుగెకరాల తోపు, దాని పక్కనే కొంత వేరుశనగ చేను ఉన్నాయి. 24 హెచ్‌పీ ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టరు కొన్నాక రోటవేటర్ కోసం వెళ్తే, దుకాణంలో "నాలుగడుగులది తీసుకోండన్నా, ఈ బండి సులువుగా లాగేస్తుంది" అని చెప్పి రెండు రోజులు వాడి చూడమని ఇచ్చారు. దుక్కిలో అది బాగానే తిరిగింది. తోపులోనుంచి చేనులోకి గట్టు ఎక్కించేటప్పుడు మాత్రం, రోటవేటర్ పైకెత్తి ఉండగా, ముందు చక్రాలు రెండూ నేల వదిలి జానెడు ఎత్తు లేచాయి. బండి నడుపుతున్న మా తమ్ముడు స్టీరింగ్ ఎటు తిప్పినా బండి తిరగలేదు. అతడు క్లచ్ తొక్కి హైడ్రాలిక్‌తో రోటవేటర్‌ను కిందికి దించడంతో చక్రాలు మళ్లీ నేలకు ఆనాయి. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా ఆ క్షణం చూసిన తరువాతే నేను టేపు, కాగితం పట్టుకుని లెక్క వేయడం మొదలుపెట్టాను.

ముందుగా శక్తి సంగతి చూద్దాం. ఇంజన్‌కు 24 హెచ్‌పీ ఉందంటే పీటీఓ, అంటే వెనుక పరికరాన్ని తిప్పే కడ్డీ, దగ్గరకు వచ్చేది 19 నుంచి 21 మాత్రమే. రోటవేటర్‌ను తిప్పేది ఆ పీటీఓ శక్తే. మన ప్రాంతంలో అయిదడుగుల రోటవేటర్‌ను 35 నుంచి 45 హెచ్‌పీ బండ్లకు తగిలిస్తారు, అంటే అడుగు వెడల్పుకు ఇంజన్ హెచ్‌పీ కనీసం ఏడు పడుతుంది. ఆ లెక్కన 24 హెచ్‌పీకి వచ్చేది ఇంచుమించు మూడున్నర అడుగులే. ఎండిన ఎర్రనేలలో, పైపైన మూడంగుళాల లోతు దున్నడానికి నాలుగడుగులది తిరుగుతుంది. వాన పడిన తరువాత గడ్డి మోకాలెత్తు పెరిగి ఉన్నప్పుడు, లేదా చెరువు కింద కయ్యల్లోని బంకనేలలో, అదే రోటవేటర్ ఇంజన్‌ను గొంతు పట్టినట్టు చేస్తుంది. అప్పుడు డ్రైవరు గేరు తగ్గిస్తాడు.

అక్కడే వెడల్పు వల్ల వస్తుందనుకున్న లాభం పోతుంది. నాలుగడుగులది, అంటే 1.2 మీటర్లది, గంటకు రెండు కిలోమీటర్ల వేగంతో నడిస్తే గంటలో కదిలించే నేల 2400 చదరపు మీటర్లు. మూడున్నర అడుగులది, అంటే ఇంచుమించు 1.05 మీటర్లది, ఇంజన్ ఊపిరాడేలా రెండున్నర కిలోమీటర్ల వేగంతో నడిస్తే 2625 చదరపు మీటర్లు. మలుపులకు పోయే సమయాన్ని ఇందులో కలపలేదు కానీ, అది రెండింటికీ ఉన్నదే. తోపులో చెట్టు చెట్టుకూ తిప్పాలి కనుక, వెడల్పు తక్కువైన దానికి మలుపూ సులువే.

అలాగని ఇంకా చిన్నది, మూడడుగులది, తీసుకోవడం నాకు సమ్మతం కాదు. వెనుక చక్రాల బయటి అంచు నుంచి బయటి అంచుకు టేపు పెట్టి కొలవండి. మా బండికి అది మీటరుకు కాస్త ఎక్కువ వచ్చింది. మూడడుగుల రోటవేటర్ 90 సెంటీమీటర్లే కనుక, రెండు వైపులా చక్రం తొక్కిన జాడ గట్టిపడి అలాగే మిగిలిపోతుంది. మూడున్నర అడుగులదాన్ని కొద్దిగా పక్కకు జరిపి బిగించుకుంటే కనీసం ఒక చక్రం జాడ పూర్తిగా చెరిగిపోతుంది, రెండోది వచ్చే సాలులో కలిసిపోతుంది.

ఇక బరువు. అసలు విషయం ఇదేనని నా నమ్మకం. ట్రాక్టరు 900 కిలోలు, అందులో ముందు చక్రాల మీద 400 కిలోలు, ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం మీటరున్నర అనుకుందాం. పైకెత్తిన పరికరం బరువు వెనుక ఇరుసుకు ఒక మీటరు వెనకగా వేలాడుతుంది. అది త్రాసు లాంటిది. నాలుగడుగుల రోటవేటర్ 250 కిలోలుంటే, 250ని ఒక మీటరుతో గుణించి ఒకటిన్నరతో భాగిస్తే 167 కిలోలు ముందు చక్రాల మీది నుంచి లేచిపోతాయి. అప్పుడు ముందు మిగిలేది 233. స్టీరింగ్ మాట వినాలంటే మొత్తం బరువులో కనీసం అయిదో వంతు ముందు చక్రాల మీద ఉండాలి. ఇక్కడ మొత్తం 1150, దాని అయిదో వంతు 230. చదునైన నేల మీదే అంచున నిలబడిన బండి, గట్టు ఎక్కితే ఏమవుతుందో మేము కళ్లారా చూశాం. అదే 200 కిలోల మూడున్నర అడుగులదైతే 133 కిలోలే లేస్తాయి, ముందు 267 మిగులుతాయి, కావలసింది 220.

బండి కాగితాల్లో 750 కిలోలు ఎత్తగలదని రాసి ఉంటే అది చూసి ధైర్యపడకూడదు. అది హైడ్రాలిక్ బలానికి లెక్క, బండి నిలకడకు కాదు. పైగా పరికరం తగిలించే లింకు కొసల దగ్గర ఎత్తగల బరువు, అక్కడినుంచి రెండడుగుల వెనక ఎత్తగల బరువు ఒకటి కావు. ఏ కొలత దగ్గర చెప్పారో అడిగి తెలుసుకోవాలి. వెనుక టైర్లలో నీళ్లు నింపితే సరిపోతుందని కొందరు అంటారు. దానివల్ల వెనుక చక్రాలకు పట్టు వస్తుంది కానీ ముందు చక్రాలకు ఒక్క కిలో కూడా తిరిగి రాదు. ముందు తేలిక పడితే ముందే బరువులు బిగించాలి.

గొర్రు విషయంలో లెక్క తిరగబడుతుంది. రోటవేటర్ కత్తులు చక్రం తిరిగే వైపే తిరిగి బండిని ముందుకు తోస్తాయి కనుక దానికి లాగుడు బలం పెద్దగా అవసరం లేదు. గొర్రును మాత్రం బండి తన బరువుతో లాగాలి. మధ్యరకం నేలలో అయిదంగుళాల లోతుకు ఒక్కొక్క పన్నుకు సుమారు 60 కిలోల లాగుడు పడుతుంది. దున్నిన నేలలో బండి తన చక్రాల మీది బరువులో సగానికి లోపే లాగగలదు, అంటే ఫోర్ వీల్ డ్రైవ్‌లో 400 కిలోల చుట్టుపక్కల. అయిదు పళ్ల గొర్రుకు 300 చాలు. ఏడు పళ్లదానికి 420 కావాలి, చక్రాలు జారడం మొదలవుతుంది, డీజిలు నేలను రుద్దడానికే ఖర్చవుతుంది. టూ వీల్ డ్రైవ్ బండికి వెనుక చక్రాల మీది బరువే లెక్క కనుక, దానికి అయిదు పళ్లే ఎక్కువ. తొమ్మిది పళ్ల గొర్రు పెద్ద బండ్లదే, దాని గురించి ఆలోచించనక్కరలేదు. మా చేనులో రాయి ఎక్కువ. రోటవేటర్ కత్తి రాయికి తగిలి విరిగితే పని ఆగిపోతుంది, స్ప్రింగు గొర్రు పన్ను రాయి తగిలితే వెనక్కి వాలి మళ్లీ నిలబడుతుంది. అందుకని చేనుకు అయిదు పళ్ల గొర్రు, తోపుకు మూడున్నర అడుగుల రోటవేటర్ మేలని తేల్చుకున్నాను. తోపులో ఏదైనా సరే, లోతు దున్నడం మంచిది కాదు, మామిడికి ఆహారం తెచ్చే సన్నవేళ్లు పైపైనే ఉంటాయి.

రోటవేటర్ కంటే పెద్ద ప్రమాదం మందు కొట్టే ట్యాంకులో ఉంది, దాన్ని ఎక్కువమంది పట్టించుకోరు. పూత సమయంలో తేనెమంచు పురుగుకు మందు కొట్టడానికి 400 లీటర్ల ట్యాంకును వెనుక లింకులకు తగిలిస్తే, నీళ్లే 400 కిలోలు, పంపు, ఫ్రేము కలిపి 500. ఇరుసుకు 90 సెంటీమీటర్ల వెనక వేలాడినా ముందు చక్రాల మీది నుంచి 300 కిలోలు లేస్తాయి, మిగిలేది వంద. 200 లీటర్లదైతే, అన్నీ కలిపి 280 కిలోలు, ముందు 232 మిగులుతుంది. ముందు 40 కిలోల బరువులు బిగించుకుంటే అది నిలబడుతుంది. 400 లీటర్లే కావాలంటే సొంత చక్రాలున్నది, వెనుక లాక్కుని వెళ్లేది తీసుకోవాలి. ధర ఎక్కువే, అయినా వాలుగా ఉన్న తోపులో నేను అదే ఎంచుకుంటాను.

కాగితం మీది లెక్క నమ్మబుద్ధి కాకపోతే కాటా ఉంది. మామిడి మండీల దగ్గర లారీలు తూచే కాటా మీదికి ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి, వెనుక పరికరాన్ని పూర్తిగా పైకెత్తి, వచ్చిన అంకె చూసుకోవాలి. తరువాత బండి మొత్తం ఎక్కించి రెండో అంకె రాసుకోవాలి. మేము నాలుగడుగులదాన్ని తిరిగి ఇచ్చే ముందు అలా తూపించాం, ముందు చక్రాల మీద 230 వచ్చింది. మూడున్నర అడుగులది తెచ్చి తూపిస్తే 270. దుకాణంవారికి ఆ రెండు చీటీలూ చూపించాను, వారు మాట్లాడకుండా మార్చి ఇచ్చారు.